శునకాచార్యుడు

ఊరికొక పురోహితుడును, ఊరికొక వైద్యుడును, పనిలేని తగవులు తీర్చుటకు ఊరికొక పెద్దమనిషియు నుండుట లోకమెరిగిన సంగతియే గాని, తూర్పున నల్లమలయు పడమట కుందూనదియు కనుచూపు హద్దులుగా, నంద్యాలకును ఆళ్ళగడ్డకును నడుమ పరచుకొన్న రేగడి నేలలలో, మా కొత్తపల్లెయందేమి, దాని చుట్టుప్రక్కల పల్లెలయందేమి, వీరందరికంటె నెక్కువ పాండిత్యమును వీరందరికంటె తక్కువ రాబడియు గలిగి, తెల్లవారకముందే లేచి, మెడలో ఈల వ్రేలాడగా, చేత తోలుపట్టె చుట్టుకొని, చొక్కా జేబులో నిన్నటి జొన్నరొట్టె తునకలు దాచుకొని, చేలవెంబడి ఒక కుక్కచేత ఈడ్వబడుచు పోవు మహానుభావుడొకడు తప్పక యుండును. ఆతనికి నేను శునకాచార్యుడని పేరు పెట్టితిని. కుక్కను తాను నడిపించుచున్నానని యాతడు చెప్పును. చూచినవారు మరియొక విధముగా చెప్పుదురు. గురుశిష్యులలో ఎవరు ఎవరిని నడిపించుచున్నారను ప్రశ్న ఏ విద్యాలయమునందును ఇంతవరకు తేలలేదు గనుక, దానినిక్కడ విడిచిపెట్టుదము.

ఆచార్యునిది తాత ముత్తాతల నాటి విద్య. తాతగారి కాలమున జొన్నకోతలైన వెనుక ఊరి మగవారందరును కట్టెలు చేతబట్టి, ఇంటి కుక్కలను వెంటబెట్టుకొని, బీళ్ళమీద పడి కుందేళ్ళను తరిమెడివారు. తండ్రిగారి కాలమున తుపాకి యొకటి యింటికి వచ్చి, కౌజులును పూరేళ్ళును కూరకుండ కెక్కినవి. ఆచార్యుడు పెద్దవాడగునప్పటికి 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి కూరకుండను బోర్లించినది. తుపాకి మాత్రము నేటికిని ఉన్నది. ఉన్నదనుట కాగితముమీది మాట; ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లైసెన్సు తుపాకులను ఠాణాలో జమచేయవలసి యుండుటచేతను, మా సీమలో ఎన్నికలు పార్లమెంటుకని, శాసనసభకని, పంచాయతీకని ఒకదాని వెంట నొకటి వచ్చుచుండుటచేతను, ఆ యాయుధము ఆచార్యుని గోడకంటె పోలీసువారి బీరువానే తన యిల్లుగా భావించుచున్నది. వేటయు పోయి, తుపాకియు పోయిన పిమ్మట మిగిలినది కుక్క. సామాన్యుడైనచో దానిని వాకిట కట్టివేసి కాపలాకు పెట్టుకొనును. ఆచార్యుడు సామాన్యుడు కాడు. చేయరాని పనికి సర్వసన్నద్ధముగా నుండుటకంటె నిష్కామకర్మ మరియొకటి లేదని యాతడు నిశ్చయించుకొనెను.

కుక్కజాతులను గూర్చి యాతని యభిప్రాయములు శిలాశాసనములు. కన్నడదేశపు ముధోలు కుక్క పరుగున సాటిలేనిదే యైనను, కంటికి కనబడినదానినే తరుమును గాని కనబడనిదానిని నమ్మదు కావున అది నాస్తికమట. తమిళదేశపు రాజపాళయము, తెల్లని మేనును గులాబివన్నె ముక్కును గల యందగాడే యైనను, ఇంటి కాపలాకును అడవిపందికిని తగినది గాని పిట్టవంటి సుకుమారమైన విషయమున మొరటట. మన కొల్లేటి వైపు జొనంగి, నుదుట ముడుతలు వేసికొని సదా తత్త్వచింతన చేయుచు, బాతులమందలను తోలుటలో నేర్పరి యనిపించుకొనినను, కాచుటకు మరగినది వేటాడుటకు పనికిరాదట. ఈ విధముగా స్వదేశీయులనందరిని త్రోసిపుచ్చి తుదకాతడు వరించినది దొరలతో సముద్రము దాటివచ్చిన పాయింటరు జాతిని.

ఈ జాతి మహిమ యంతయు అది చేయు పనిలో లేదు, చేయక నిలుచుటలో నున్నది. గాలికెదురుగా ముక్కెత్తి, చేనినంతయు అడ్డముగా ఇటునటు గాలించుచు పోయి, పొదలో దాగిన పిట్ట వాసన తగిలిన క్షణమున, అది మొరుగదు, దుముకదు, తరుమదు. ముందుకాలొకటి మడిచి పైకెత్తి, తోకను కడ్డీగా బిగించి, రెప్ప వేయక, ఉన్నచోటనే శిల్పమై నిలిచిపోవును. యజమాని వచ్చి పిట్టను లేపువరకును, లేచిన పిట్టపై తుపాకి పేలువరకును అడుగు కదపరాదు. పేలిన పిదప పొమ్మన్నచో పోయి, పడిన పిట్టను పంటి గాటు పడకుండ తెచ్చి చేతిలో పెట్టవలెను. వేకువను నేల చెమ్మగా నున్నప్పుడు వాసన నిలుచుననియు, పొద్దెక్కి రేగడి కాగిన తరువాత ఎంతటి ముక్కైనను దండుగయనియు ఆచార్యుడు చెప్పును. ఇది నిజమే. ఆతడు చెప్పువానిలో నిజములు చాలనున్నవి. అవన్నియు ఒక్కసారిగా చెప్పుటయే చిక్కు.

శిష్యురాలి పేరు రాణి. మూడవ నెలలో దానికి అక్షరాభ్యాసమైనది: గిన్నె యెదుట కూర్చుండబెట్టి, సెలవిచ్చువరకు మూతి పెట్టనీయకుండుట. తరువాత వెదురుకర్ర కొనకు దారము గట్టి, దారమునకు కోడిరెక్క గట్టి, కన్నుల యెదుట ఆడించుట. దుమికినప్పుడు రెక్కను తప్పించుట, నిలిచినప్పుడు నిమిరి మెచ్చుకొనుట. తుపాకి చప్పుడునకు బెదరకుండుటకై, అది తిండి తినుచుండగా మొదట దొడ్డిగోడ కావల, పిమ్మట నడవలో, తుదకు చెవిప్రక్కను కంచముపై గరిటెతో మ్రోగించుట. ఈ పాఠము ముగియునప్పటికి రాణికి భయము పోయినది, ఇంట నున్న కంచములన్నియు సొట్టపోయినవి. నోటికి మెత్తదనము నేర్పుటకై కోడిగుడ్డు నిచ్చి, పగులకుండ మోసికొని రమ్మనుట. ఈ పాఠమునకైన గుడ్ల లెక్క ఇల్లాలికి మాత్రమే తెలియును. "దానికి తెల్లారితే గుడ్డు, నీకు తెల్లారితే దాని ముచ్చట. చేన్లో కలుపు యెవురు తీయాల?" అని ఆమె యడుగును. శాస్త్రచర్చలో లౌకికప్రశ్నలకు తావులేదని ఆచార్యుడు మౌనము వహించును.

బోధనాభాష ఇంగ్లీషు. సిట్టనియు, స్టే అనియు, ఫెచ్చనియు ఆతడు గర్జించును, పని నెరవేరినచో, ఆడుకుక్కయను విచారణ లేక, "గుడ్ బాయ్!" అని వీపు తట్టును. కాన్వెంటుకు పోవు మనుమడు ఈ తప్పును ఎత్తిచూపగా, "నీకు ఫీజు కట్టేది నేను, దానికి చదువు చెప్పేది నేను. యెవురికి ఎక్కువ వచ్చునో నాకు తెలుసులేరా" అని వాని నోరు మూయించెను. అయితే రాణి ఈ రాజభాషను విని ఆలోచనలో పడునే గాని, సాయంకాలమున వంటింటి గుమ్మమునుండి ఇల్లాలు, "ఏమే రాణీ, యాడ సచ్చినావే, రా!" అని కేక వేసినంతనే, రెండు చేలకవతలనున్నను చెవులు నిక్కించి, గురువునకు వీపుచూపి పరుగెత్తును. సంగటిముద్ద గల మాతృభాషకు నిఘంటువు అక్కరలేదు.

విద్యాపరీక్ష ఒక కార్తికమాసపు వేకువను జరిగినది. మంచు కురిసియుండెను, గాలి సన్నగా నల్లమలవైపునుండి వీచుచుండెను. బడిపంతులును, ఇద్దరు రైతులును, నేనును సాక్షులము. రాణి గెనెము ప్రక్కగా సాగి, జొన్నచేని మూలనున్న తుమ్మకంపను సమీపించి, ఒక్కసారిగా బిగిసిపోయెను. కాలు లేచెను, తోక నిలిచెను, ముక్కుపుటములు తప్ప దాని దేహమున కదలిక లేదు. ఆచార్యుడు చేయెత్తి మమ్ము నిలిపి, మెల్లని కంఠముతో ఆ నిలుకడయొక్క లక్షణములను, దానికై తాను పడిన పాట్లను, ఇతర జాతుల లోపములను సవిస్తరముగా వివరింప మొదలిడెను. ఉపన్యాసము ముధోలు కుక్క దాకా వచ్చునప్పటికి, కంప వెనుకనుండి బూడిదవన్నె కౌజు ఒకటి మెడ సాచి, అటునిటు చూచి, రెక్క విప్పకుండ, గబగబ గెనెమువెంట నడిచిపోయెను. దాని వెనుక రెండవది, దాని వెనుక మూడవది, కడపట కుటుంబమంతయు.

"అన్నా, కౌజులు పోతాండాయి!" అని రైతొకడు అరచెను.

"పోనీరా! అవి యాడికైనా పోనీ. కుక్కను చూడు, ఎట్ల నిలబడిందో!" అని ఆచార్యుడు ఆనందబాష్పములు తుడుచుకొనెను.

రాణి ఖాళీ కంపను చూపుచు ఇంకను నిలిచియే యుండెను. మా కౌజు మొదట కాళ్ళను నమ్మును, గతిలేనప్పుడే రెక్కలను నమ్మును. కుక్క నిలిచిన తోడనే తానును నక్కియుండి, వేటగాడు వచ్చి లేపినప్పుడే యెగురవలెనను మర్యాద దానికి ఎవరును నేర్పలేదు. కోచింగు పొందినది కుక్కయే గాని పిట్ట కాదు. పూర్వము మా ప్రాంతమున కౌజులను పట్టి బ్రతికిన పిట్టలవారు ఈ రహస్యమెరిగియే కుక్కజోలికి పోలేదు. మగకౌజు నొకదానిని దీమముగా పెంచి, గూటిలో నుంచి, చుట్టును ఉచ్చులు పన్ని కూర్చుండెడివారు. అది కూయగా, తన సరిహద్దులోనికి ఎవడో వచ్చినాడని అడవికౌజు కయ్యమునకు వచ్చి కాలు చిక్కించుకొనెడిది. వారిలో నొక ముదుసలి ఆచార్యుని యెదుటనే, "మీ కుక్క పోయి యెతుకుతాది దొరా, మా పిట్ట కూకోని పిలుస్తాది" అనెను. ఆచార్యుడు దానిని కుట్ర యనియు, వేట యనిపించుకొనదనియు కొట్టివేసెను.

రాణి విద్య బొత్తిగా నిష్ఫలమైనదనుట అన్యాయము. ఒకనాడది పొరుగింటి పెట్టను పట్టి, ఈక చెదరకుండ, రక్తపుచుక్క రాలకుండ, నోట కరచుకొని వచ్చి, గురువు ముందర కూర్చుండి, సజీవముగా చేతికందించెను. కోడిగల ఇల్లాలు వీధిన నిలిచి ఏడుతరములను తలచుకొని తిట్టుచుండగా, ఆచార్యుడు కోడిని తలక్రిందులుగా బట్టి, రెక్క విప్పి చూపి, "ఒక్క గాటు చూపు వదినా! యాడన్నా ఒక్క గాటు చూపు!" అని సవాలు చేసెను. గాటు లేదు. అయినను ఆ భయమునకు పెట్ట గ్రుడ్లు మానెనని వదిన నష్టపరిహారము వసూలు చేసికొనెను. ఆచార్యుడు డబ్బు చెల్లించిన తీరు చూచినవారికి, అది జరిమానా గాక శిష్యురాలికి బహుమానమేమో యనిపించెను.

పురాణములలో నాతని ప్రవేశము ఏకమార్గమైనది. ఇంద్రుని గోవులను పణులు దాచగా వాసనపట్టిపోయిన సరమ ఆతనికి ఆదిగురువు. భారతములో ఆతనికి నచ్చని ఘట్టమొక్కటే. పాండవులు వేటకు పోయినప్పుడు వారి కుక్క ఏకలవ్యుని చూచి మొరిగినది గదా. ఆతడు దాని నోట బాణములు నింపినాడు గదా. దానిమీద అర్జునునకు అసూయయు, ద్రోణునకు గురుదక్షిణయు పుట్టినవి గదా. "వేటకుక్క మొరగనే మొరగగూడదు. ద్రోణుడు అర్జునునికంటె ముందు ఆ కుక్కకు నాలుగు దినాలు చదువు చెప్పింటే, ఆ పిల్లోని బొటనవేలు నిలిచుండేది" అని ఆచార్యుని తీర్పు. వ్యాఖ్యాతలెవరును ఇంతవరకు ఈ మార్గమున పోయినట్లు లేదు.

సమకాలిక విజ్ఞానమునందును ఆతని దృష్టి అంతే. 1900లో చివరిసారి కనబడి, లోకమునుండి అంతరించెనని పండితులనుకొన్న కలివికోడి, 1986లో మా పొరుగున కడప జిల్లా కంపలలో ఒక పల్లెవాసి చేతికి రాత్రివేళ దీపపు వెలుగులో చిక్కినది. పక్షిశాస్త్రజ్ఞులు దీనికి సంతోషించిరి. ఆచార్యునికి మాత్రము తలవంపు. "ఎనబయ్యారేండ్లు! ఒక్క ముక్కున్న కుక్కను పంపే తెలివి దొరలకు లేకపాయె" అని నేటికిని చింతించును.

అటవీశాఖవారు ఒకమారు ఊరికి వచ్చి, పిట్టను చంపుట మాత్రమే గాక, పట్టుటయు, ఉచ్చు పన్నుటయు, అందుకు ప్రయత్నించుటయు చట్టము దృష్టిలో వేటయే యగునని మర్యాదగా బోధించిరి. ఆచార్యుడు శ్రద్ధగా విని, "నా కుక్క చేసేది నిలబడేది సార్. నిలబడేదానికి కేసుందా?" అని యడిగెను. వారు రాణిని చూచిరి. రాణి వారి జీపు వెనుక టిఫిను క్యారియరును చూపుచు, కాలెత్తి, తోక బిగించి, శాస్త్రోక్తముగా నిలిచియుండెను. వారు నవ్వుకొని వెడలిపోయిరి.

పిట్ట లేని వేట వేటయా యని పంతులు వెక్కిరించినప్పుడు ఆచార్యుడు అహోబిలమును ముందునకు తెచ్చును. కనుమనాడు బయలుదేరి నలుబది దినములకు పైగా నరసింహస్వామి పల్లకిలో ఆళ్ళగడ్డ చుట్టుపట్ల ఊరూరును పారువేట తిరుగును గదా. "సామి అన్ని దినాలు వేటాడి ఏం తెస్తాడు పంతులూ? కౌజును తెస్తాడా? తన పెండ్లికి జనాన్ని పిల్చుకొని వస్తాడు. వేటంటే అదప్పా!" అనును.

ఈ వాక్యములో ఆచార్యుని జీవితరహస్యమంతయు నున్నది. ఆతని వేట నేటికిని జరుగుచునే యున్నది. మృగము మాత్రము మారినది. సాయంకాలము రచ్చకట్టపై, బ్యాంకునకు క్రొత్తగా వచ్చిన గుమాస్తాయో, బంధువులింటికి వచ్చిన అల్లుడో ఏమరుపాటున కూర్చుండినచో, ఆతడు గాలికెదురుగా, చప్పుడు చేయక సమీపించును, "ఏం నాయనా, కుక్కలంటే ఇష్టమేనా?" యని మెల్లగా నొక మాట విసరును, బాధితుడు మొగమాటమునకు తలయూపినంతనే, రాణి ఆతని మోకాళ్ళ ముందర ముందుకాలెత్తి నిలిచి, లేచు దారి మూసివేయును. ఆపైన ముధోలు, ఏకలవ్యుడు, కలివికోడి. 1972 చట్టము కౌజును రక్షించినది, పూరేటిని రక్షించినది. రచ్చకట్టపై చిక్కిన శ్రోతను మాత్రము ఏ షెడ్యూలునందును చేర్చలేదు.