గుళ్లకు పెట్టిన ఖర్చు

క్వింటా పత్తికి పదిహేను గుళ్లు. పదహారోది రాదు, చిల్లర మిగులుతుంది. క్వింటా ఉల్లిగడ్డకు రెండు. మనవడి ట్యూషనుకు నెలకు నాలుగు. మొన్న ఆదోనికి పోయి పన్ను పీకించుకుంటే ఒకటిన్నర గుండు అయింది, మందులకు ఇంకో అర.

అమెరికా నుంచి ఎమ్మిగనూరికి వచ్చి మూడు వారాలు దాటింది. నిద్ర సర్దుకుంది, కడుపు సర్దుకుంది, ఈ లెక్క మాత్రం బుర్రలోంచి దిగట్లేదు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఒకసారి పట్టుకున్న లెక్కను వదిలించుకోవడం నాకు ముందునుంచీ చేతకాదు. సంతలో వంకాయలు ఏరుతూ, "గుండులో పదోవంతు కూడా కాదే" అని పైకే అనేశాను. మా ఆవిడ సంచి కింద పెట్టి, "గుండుకు మొక్కుకున్నారా? ఎప్పుడు? నాకు చెప్పనే లేదు" అంది. నా తల మీద మొక్కు తీర్చడానికి సరిపడా వెంట్రుకలున్నాయా లేదా అని ఆ వంకాయల ముసలమ్మ కూడా తొంగి చూసింది.

ఇదంతా మా మేనల్లుడి పుణ్యం.

అక్క ఆదోనిలో, కొడుకు డాలస్‌లో. పౌరసత్వం వచ్చిన ఏడాదే వాడు పెద్ద తుపాకి కొన్నాడు, దూరం కొట్టేది. కోడలు ఒకసారి ఫోన్లో విసుక్కుని, "జీతమంతా గుళ్లకే పోతోందత్తమ్మా" అన్నదంట. అక్క ఆ మాట విని కళ్లు తుడుచుకుంది. అప్పట్నుంచీ వీధిలో ఎవరు కనపడినా ఇదే పాట. మావాడు అంత దూరం పోయినా మారలేదు, శనివారం వస్తే చాలు, గంటన్నర కారు తోలుకుని పోతాడు గుళ్లకోసం, అక్కడ మట్టిలో బోర్లా పడుకుంటాడు. సాక్ష్యానికి ఫోటో కూడా ఉంది. కోడలు వెనకనుంచి తీసింది కాబట్టి తుపాకి కనపడదు, నేలకంటుకున్న వీపు, కాళ్లు కనపడతాయి. సాష్టాంగమే. బూట్లు తీయకుండా పడుకున్నాడే అన్నదొక్కటే ఆమె బాధ.

నేను దిద్దలేదు. సర్వీసంతా ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి అక్కడ మాత్రం వెనకాడింది.

వాడి తూటా పేరు .338 లాపువా మ్యాగ్నమ్. లాపువా ఫిన్లాండులో ఊరు, అక్కడి తూటాల ఫ్యాక్టరీకీ అదే పేరు. సైన్యంలో దూరం గురి పెట్టేవాళ్లకు కిలోమీటరు దాటినా పనికిరావాలని 1980లలో తయారు చేశారు. మా మేనల్లుడికి కిలోమీటరు అవతల శత్రువులెవరూ లేరు. ఒక ఇనుప పలక ఉంది, అంతే. తుపాకి ఐదు వేల డాలర్లు, దాని మీద కూర్చున్న దుర్భిణి మూడు వేలు. గాలి కొలిచేదొకటి, దూరం కొలిచేదొకటి, మోచేతుల కింద పరుపు, తుపాకి కింద దిండు. మా ఇంట్లో అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగలేదు.

తూటా ఒక్కొక్కటి ఆరు డాలర్లు. నేనున్నప్పుడు డాలరు 88 రూపాయలు. గుణిస్తే 528. పెట్టెకు ఇరవై, అంటే 10,560. 2025-26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 8,110. క్వింటా పత్తి మోసుకుపోయి దుకాణంలో పడేసినా ఒక పెట్టె చేతికి రాదు. అదీ మద్దతు ధర దొరికినప్పటి మాట. పిడికెడు దూది పైకి తీసి, తేమ ఉందనో, మచ్చ ఉందనో ఎవరైనా పెదవి విరిచారంటే ఇంకో రెండు గుళ్లు తగ్గుతాయి. ఉల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025లో కర్నూలులో ధర పడిపోతే ప్రభుత్వమే క్వింటా 1,200కు కొంటానని దిగింది. అంటే చేలో నాలుగు నెలలు వంగిన నడుమూ, పరుపు మీద పడుకుని రెండుసార్లు వంచిన వేలూ సమానం.

బ్యారెల్ కూడా అరిగిపోతుందట. రెండు వేల తూటాలకు అటూ ఇటూగా దాని పని సరి, మార్చాలి. గుండు ఆ గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే ఒకటిన్నర వంతు. హెచ్చవేసి చూశాను. మొత్తం మూడు సెకన్లు. అది ఉద్యోగంలో చేరి, పనిచేసి, రిటైరయ్యేది మూడు సెకన్లలో. పెన్షను కాగితాల కోసం నేను ఆఫీసు మెట్లు ఎక్కి దిగిన కాలంలో అలాంటివి ఎన్ని వేల బ్యారెళ్లు రిటైరవుతాయో లెక్క వేయలేదు, బీపీ ఉంది.

"కొంటే ఆరు డాలర్లు మామా, గ్యారేజీలో మనమే నింపుకుంటే మూడే" అన్నాడు వాడు.

"మంచిదే కదరా, సగం మిగిలినట్టే."

"ఏం మిగలడం మామా, రెండింతలు కాలుస్తున్నా."

ఆ గ్యారేజీలోనే నాకు గురిగింజ పట్టుకుంది. వాడు మందు తూచేది గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజే, వెనకటికి బార్లీ గింజ ఎత్తు. అందులో పదో వంతు తేడా వచ్చినా వాడు పళ్లెం వంచి మళ్లీ తూస్తాడు. వాళ్ల అమ్మ పప్పులో ఉప్పు వేసే తీరు నాకు తెలుసు కాబట్టి, వీడు ఎవరి పోలికో నాకు అంతుపట్టలేదు. సరే, వాళ్లది గింజే, మనదీ గింజే. మన కంసాలి తూచింది గురిగింజలతో. మరి ఈ గుండు ఎన్ని గురిగింజలు? నన్ను నేను అడక్కుండా ఉండాల్సింది, అడిగేశాను.

గుండు మాత్రమే, ఇత్తడి తొడుగు కాకుండా, 250 గ్రెయిన్లు. ఈస్టిండియా కంపెనీవాడు 1833లో మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేశాడు. తులానికి 96 గురిగింజలు. కాబట్టి గురిగింజకు ఒకటీ ముప్పాతికా బీసం గ్రెయిన్లు. (బీసం అంటే పదహారో వంతు, రెండు బీసాలు పరక. ఇక్కడ పడాల్సింది పరకే, బీసం కాదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసుకు ఇదీ ఫలితం.) భాగించండి. గుండు 133 గురిగింజలు, పైన మూడో వంతు గింజ. తులంలో చెప్పాలంటే తులమున్నరకు కాస్త తక్కువ. పోనీ, లండన్ ఒలింపిక్స్‌లో 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఎయిర్ రైఫిల్ పెల్లెట్టో? అర గ్రాము చిల్లర, నాలుగు గురిగింజలు దాటి కొంచెం. నాలుగు గింజలతో దేశానికి పతకం వచ్చింది. మావాడు 133 గింజలతో పలకకు సొట్ట పెడుతున్నాడు.

అంతటితో ఆగానా? ఎమ్మిగనూరు దిగిన మర్నాడే తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని, పెట్టె అడుగున మిగిలిన గురిగింజలు అడిగి తీసుకుని, ఒక్కొక్కటే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. ఏ రెండూ సమానంగా తూగలేదు. ఒకటి వంద మిల్లీగ్రాములు, ఒకటి నూట ముప్పై. ఇన్నేళ్లూ మా అమ్మమ్మల బంగారం వీటితో తూచారా అని నేను నోరు తెరిస్తే, ఆయన నవ్వి, "గింజల్ని అనేం లాభం సార్, ఏ గింజ ఎప్పుడు తీయాల్నో తెలిసినోడు కంసాలి" అన్నాడు. ఆ సందులోనే ఇంకో దొంగలెక్క బయటపడింది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులమంటే పదే. ఆ 1.66 గ్రాములు ఎవరి నోట్లో పడ్డాయి? గంటసేపు వాదించాను. ఆయన టీ కూడా తెప్పించాడు. గురి కుదరాలంటే గింజ కుదరాలి, అందుకే గురిగింజ అన్నారేమో అని నేను వ్యుత్పత్తి మొదలుపెట్టేసరికి ఆయన షట్టరు సగం దించాడు.

ఇంతకీ తుపాకి ముట్టుకున్నానా లేదా అన్నది చెప్పలేదు కదా. విజిటర్ వీసా మీద పోయినవాడు అక్కడ తుపాకి పట్టుకుంటే నేరం. వేట లైసెన్సు ఉంటే నేరం కాదు. చీమను ఊది పక్కకు నెట్టే నాకు టెక్సాస్‌లో ఐదు రోజుల వేట లైసెన్సు తీశాడు మేనల్లుడు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట పాఠాలు చదివి ఉండాలట. నేను అంతకు పదేళ్ల ముందే పుట్టాను కాబట్టి అక్కర్లేదు. ముసలితనం వల్ల చేతికొచ్చిన మొదటి రాయితీ అదే.

మాది కర్నూలు జిల్లా అని తెలియగానే వాడి స్నేహితులు, "అయితే మీకిది అలవాటేగా అంకుల్" అన్నారు. సినిమాలు చేసిన మేలు. మా వంశం మొత్తానికి ఉన్నది ఒక్క తుపాకి, మా పెదనాయన డబుల్ బ్యారెల్. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు, గడువు తీరినప్పుడల్లా కర్నూలు చుట్టూ తిరుగుడు. అడవిపందుల కోసం కొన్నాడు గానీ, పంచాయతీ ఎన్నికలంటే స్టేషన్లో జమ, అసెంబ్లీ అంటే జమ, పార్లమెంటంటే జమ. చేలో పేలింది తక్కువ, స్టేషన్లో పడుకున్నది ఎక్కువ. పందులకు ఎన్నికల షెడ్యూలు మాకంటే ముందు తెలిసేదని పెదనాయన గట్టి నమ్మకం.

అక్కడి మైదానం చూడగానే ఎమ్మిగనూరు దాటి మంత్రాలయం రోడ్డులో ఉన్నట్టే అనిపించింది. ఎండ, ఎర్రదుమ్ము, కనుచూపుమేరా తుమ్మచెట్లు. వాళ్లు మెస్కీట్ అంటారు. మన సర్కారు తుమ్మకు పెదతల్లి బిడ్డ. పలక వెయ్యి గజాల దూరంలో ఉంది. దుర్భిణిలో చూస్తే ఎండమావి కింద చెరువులో నానేసిన రొట్టెలాగా ఊగుతోంది. గుండు అక్కడికి చేరేలోపు ఏడు మీటర్లు కిందికి జారుతుంది, అంటే రెండంతస్తుల మిద్దె ఎత్తు పైకి గురి పెట్టాలి. గాలి కాస్త గట్టిగా వీస్తే మీటరు పైనే పక్కకు పోతుంది. "గాలి ఎడమ నుంచి మామా. ఊపిరి వదిలెయ్. సగం వదిలి ఆగు. లాగొద్దు, నొక్కు" అంటూ వాడు పక్కనే బోర్లా పడుకుని చెబుతున్నాడు. వీడికి ఎక్కాలు నేర్పింది నేనే. పదమూడో ఎక్కం దగ్గర నేనూ ఇట్లాగే చెప్పుంటాను.

మొదటి రెండూ దుమ్ములోకి పోయాయి. వెయ్యీ యాభై ఆరు. మూడోది పేలగానే భుజాన్ని కోడె పొడిచినట్టయింది, ముఖం నిండా దుమ్ము, తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. గుండు వెళ్లడానికి సెకనున్నర, ఆ చప్పుడు తిరిగి మన దగ్గరికి నడిచి రావడానికి ఇంకో రెండున్నర. ఆ నాలుగు సెకన్లలో నేను ఏ లెక్కా వేయలేదు. డాలరు లేదు, పత్తి లేదు, పెన్షను లేదు. తర్వాత ఎక్కడో చాలా దూరం నుంచి, స్కూలు గంట కొట్టినట్టు, టంగ్.

అరిచానట. నాకు గుర్తులేదు. మేనల్లుడు వీడియో తీశాడు, అందులో ఎవరో ముసలాయన గంతులేస్తున్నాడు.

పది కాల్చాను, నాలుగు తగిలాయి. 5,280 రూపాయలు.

మా నాయన ఒక జత ఎద్దులను మేపేవాడు. సేద్యానికి కాదు, జనవరిలో మా ఊరి నీలకంఠేశ్వరుడి జాతరలో బండ లాగడానికి. వాటికి ఉలవలు, పత్తిగింజలు, కోడిగుడ్లు. మాకు జొన్నసంగటి, ఊరిమిండి. పదిహేనేళ్లప్పుడే లెక్కల్లో దిట్టననిపించుకున్నవాణ్ణి, ఒక నోటుబుక్కులో ఆ ఎద్దుల ఏడాది ఖర్చంతా రాసి, పక్కన గెలిచిన బహుమతి రాసి, తీసివేసి, భోజనాల దగ్గర అందరి ముందూ చదివి వినిపించాను. నాయన ఏమీ అనలేదు. తట్టలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ మరుసటేడు జత అమ్మేశాడు. బండ కదిలేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో నోటుబుక్కులో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు, రాయలేదు. డాలస్ నుంచి వచ్చాక రెండుసార్లు ఆ పుస్తకం కోసం అటకంతా వెతికించాను. దొరకలేదు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. కొత్త బ్యారెల్ సంగతి కోడలు చెప్పినట్టుంది, ఆమెకు మాత్రం అది ఇంకేదో గాలిగోపురం చందాలాగా అర్థమయింది.

"ఏమిరా, గుళ్లకు చానా పెడుతున్నాడంట కదా వాడు?"

"పెడుతున్నాడులేక్కా. పెట్టనీ."

"నిన్ను కూడా తోల్కపోయినాడంట? దర్శనం బాగయిందా?"

"అయిందక్కా. నాలుగు సెకన్లు."

"పోనీలేరా, తిరుపతిలో అంతసేపు కూడా నిలబడనీరు."