ఎనిమిదో గడి చుట్టాలు

చదరంగం పుట్టింది గద్వాలలోనే. ఈ మాట నాది కాదు, బస్టాండు దగ్గరి హోటల్లో నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిది. రుజువేమిటన్నా అంటే చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "చదరంగంల ఉండేది గడి. దొరలుండేది గడి. గడికెళ్లి గద్వాల రాకపోతే ఇంకేడికెళ్లొస్తది?" సోమభూపాలుడి కోట పదిహేడో శతాబ్దిది, ఆట అంతకు వెయ్యేళ్ల ముందుది కదన్నా అన్నాను. "అదే చెప్తున్న. వెయ్యేండ్లు ఆడి, గెలిచినంక కోట కట్టినం."

పక్కనున్న వనపర్తి ఆయన ఊరుకుంటాడా? "గుర్రం లేకుంట చదరంగమేంది? మా రాజా ఇచ్చిన ఆఫ్రికన్ గుర్రపు దళమే నిజాం కొలువుల చేరింది. హైదరాబాదుల ఏసీ గార్డ్స్‌కు ఆ పేరెట్లొచ్చిందో తెలుసుకొని రా." నాగర్‌కర్నూలు ఆయన ఏనుగుల వంతు తీసుకున్నాడు. నల్లమల తమదే కాబట్టి ఏనుగులూ తమవేనట. నల్లమలలో ఉన్నవి పులులు, ఏనుగులేవన్నా అంటే తడుముకోలేదు. "అన్నీ బోర్డు మీదికి పోయినయి. అందుకే అడవిల లేవు!"

నేను వాదించలేదు. పాలమూరులోంచి ఈ మూడు జిల్లాలూ పుట్టింది 2016 అక్టోబరు 11న. అంతకు ముందు ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో వనపర్తి ఉంది, నాగర్‌కర్నూలు ఉంది, గద్వాల లేదు. ఆందోళనలు చేసి గద్వాల తన గడి తాను గీయించుకుంది. నిన్నమొన్నటి తన పుట్టుకకే కొట్లాడిన ఊరు, పదిహేను వందల ఏళ్ల ఆట పుట్టుక కోసం కొట్లాడితే తప్పేముంది?

తప్పు పట్టాల్సింది పెద్ద హోటల్‌ని. అంటే దేశాల హోటల్‌ని. చైనా తరఫువాళ్లు షియాంగ్చీయే ముందంటారు, ఇరాన్ తరఫువాళ్లు చత్రంగ్ తమదంటారు, మనం చతురంగం మనదంటాం. మన సాక్షి ఎవరయ్యా అంటే, 1913లో లావుపాటి చరిత్ర రాసి పుట్టిల్లు ఇండియాయేనని తేల్చిన మర్రే అనే ఇంగ్లీషు పండితుడు. తెల్లవాడు రాసిన చరిత్రను మనం నమ్మం, ఇలాంటప్పుడు తప్ప. ఏడో శతాబ్దిలో బాణుడు హర్షచరితలో చతురంగం పేరెత్తాడు, ఒప్పుకుందాం. కానీ ఈ ఆట హిందూ దేశం నుంచి వచ్చిందని కథ కట్టి లోకానికి చాటింది మాత్రం పారశీకులు. మన రాజు చిక్కుప్రశ్నగా ఈ బల్లను పంపితే, వాళ్ల రాజు నూషిర్వాన్ కొలువులోని బుజుర్జ్‌మిహ్ర్ ఆ చిక్కు విప్పాడని వాళ్ల పహ్లవీ గ్రంథం చెప్పింది. ఫిర్దౌసీ షానామాలోకి ఎక్కించాడు. తవ్వకాల్లో దొరికిన అతి పాత పావులేమో 1977లో సమర్‌కంద్ దగ్గర అఫ్రాసియాబ్‌లో బయటపడ్డాయి. మన జాతకాన్ని పరాయివాళ్లు భద్రంగా దాచారు. మనం చరుచుకోవడానికి జబ్బలు దాచుకున్నాం. రాజుకు మనం పెట్టే ‘చెక్’ పారశీకుల ‘షా’లోంచి వచ్చిందే. ఐమూలగా ఒక్క గడి నడిచే మంత్రికి బల్లంతా పరుగెత్తే సత్తువ వచ్చింది పదిహేనో శతాబ్ది చివర యూరప్‌లో. ఇంతమంది పెంచిన బిడ్డకు పుట్టుమచ్చ మాత్రం మనమే చూపిస్తాం.

ఆట సంగతి పోనీ, ఆటగాడి సంగతి చూద్దాం. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో పద్దెనిమిదేళ్ల దొమ్మరాజు గుకేశ్ 7.5–6.5తో డింగ్ లిరెన్ ఆట కట్టించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. చంద్రబాబు నాయుడు తెలుగబ్బాయి అని మురిశాడు. స్టాలిన్ చెన్నైకి చదరంగ రాజధాని కిరీటం పెట్టాడు, ఐదు కోట్లు ప్రకటించాడు. ఇక జనం మొదలుపెట్టారు: ఇంటిపేరేది, ఇంట్లో మాటేది, అన్నం ఎవరిది, సాంబారెవరిది! పుట్టింది చెన్నైలో, ఇల్లు తెలుగుది. రెండూ నిజమే, తగవుకు చోటే లేదు. అయినా తగవు ఆగలేదు.

కొడుకు వెంట టోర్నీలు తిరగడానికి ఈఎన్‌టీ డాక్టరైన తండ్రి ప్రాక్టీసు పక్కన పెట్టాడు. తల్లి సంపాదన మీద ఇల్లు గడిచింది. చాలనప్పుడు తల్లిదండ్రుల స్నేహితులు ఆదుకున్నారని గుకేశే చెప్పాడు. ఆ రోజుల్లో ఈ పిల్లాడి ఇంటిపేరు ఎవరిక్కావాలి?

గుకేశ్ గెలిచిన ఆ డిసెంబరు ప్రపంచ జాబితాలోనే హనుమకొండ కుర్రాడు అర్జున్ ఇరిగేసి రేటింగు 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. గుకేశ్ గెలిచిన పదహారు రోజులకు కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. వీళ్ల మీద పక్క రాష్ట్రం పేచీ లేదు కాబట్టి మన తప్పెట్లూ అంత గట్టిగా మోగలేదు. ఎవడో ఎత్తుకుపోతాడని భయం వేస్తే తప్ప మన సొమ్ము మనకు గుర్తుకు రాదు.

చదరంగం నేర్పే నీతి ఇదొక్కటే. రెండో గడిలో ఉన్న బంటుకు ఊరుండదు, భాషుండదు, ముఖ్యమంత్రి ఉండడు. ఎనిమిదో గడి చేరి మంత్రి అయ్యాడా, బల్ల నిండా చుట్టాలే. పాలమూరు కూలీ ముంబైలో, పుణెలో పునాదులు తవ్వుతూ రెండో గడిలోనే ఉండిపోతే, మావోడే అని ఇక్కడా ఎవరూ అనరు, అక్కడా అనరు. బంటు వెనక్కి నడవలేడన్న నియమం మాత్రం అతనికి బాగా వర్తిస్తుంది.

లేచే ముందు ఆ ముగ్గురినీ ఒక్కటే అడిగాను. "అన్నా, మీ ఊరి సర్కారు బడిల చదరంగం బోర్డున్నదా?" పొద్దుటి నుంచి ఏ మాట మీదా కలవనివాళ్లు అప్పుడు ఏకమయ్యారు. ముగ్గురూ ఒక్క గొంతుతో అడిగారు: "నీదేవూరు?"

కాబట్టి పాఠకులకు ఒక మనవి. తర్వాతి చాంపియన్ ఫ్లెక్సీకి చందా అడగడానికి వస్తారు, ఇవ్వకండి. ఆ డబ్బుతో నాలుగు బోర్డులు కొని దగ్గర్లోని బడిలో ఇచ్చి రండి. మావోడే అనే హక్కు రెండో గడి దగ్గర కొనుక్కోవాలి. ఎనిమిదో గడి దగ్గర అది అమ్మకానికి ఉండదు.