తాళం తీసే పాఠం

బడి పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇస్తే ఏం నేర్చుకుంటారన్న ప్రశ్న మీద ప్రపంచం ఇరవై ఏళ్లుగా బుర్ర గోక్కుంటోంది. కమిటీలు వేశారు, పరీక్షలు పెట్టారు, గ్రాఫులు గీశారు. లెక్కలొచ్చాయా అంటే నీళ్లు నములుతారు, భాష వచ్చిందా అంటే మాట మారుస్తారు. ఒక్క సబ్జెక్టులో మాత్రం ఏ దేశంలో చూసినా ఫలితాలు దివ్యంగా ఉన్నాయి. దానికి టీచరు పోస్టు లేదు, పాఠ్యపుస్తకం లేదు, ట్యూషన్ లేదు. అయినా వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా అందరూ పాసే. అన్ని సబ్జెక్టుల్లోనూ ముందుండేవాడు వెనక బెంచీవాడి దగ్గర నోట్సు అడిగే అరుదైన సన్నివేశం కూడా ఇందులోనే కనిపిస్తుంది. ఆ సబ్జెక్టు పేరు తాళం తీయడం. పెద్దలు యంత్రానికి వేసి ఇచ్చిన తాళాన్ని పిల్లలు తీసేయడం. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసి చూసి మనం ఒక మంచి సాక్ష్యాన్ని పారేసుకుంటున్నామని నా వాదన.

2013లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ బడుల యాజమాన్యం పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వాలని సంకల్పించింది. పథకం విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. చదువుకు సంబంధించనిదేదీ తెరుచుకోకుండా పకడ్బందీగా తాళం వేయించారు. పంచిన కొద్ది రోజుల్లోనే సుమారు 300 మంది పిల్లలు దాన్ని తీసేశారు. ఏ మహా మాయోపాయం పన్నారో అని విచారిస్తే తేలిందేమిటంటే, సెట్టింగుల్లోకి వెళ్లి బడివాళ్లు పెట్టిన ప్రొఫైల్‌ను చెరిపేశారు. అంతే. కోటకు ఏనుగులు గుద్దినా కదలని తలుపులు పెట్టి, గడియ మాత్రం బయట పెట్టినట్టన్నమాట. బడివాళ్లు వెంటనే ఐప్యాడ్‌లు ఇంటికి తీసుకెళ్లకూడదన్నారు. మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడూ పాఠాలు తప్ప మరేదీ రాకుండా తాళం వేసే ఇచ్చింది. ఆ తాళాలూ ఊడుతున్నాయని పత్రికలు రాశాయి. మన పిల్లలు ఏ విధంగానూ అమెరికా పిల్లలకు తీసిపోరని ఇంతకాలం వేదికల మీద చెబుతూ వచ్చాం కదా, రుజువైంది.

వీళ్లంతా ఎంతో కొంత ఫోను మొహం చూసిన పిల్లలు అనుకుందాం. అచ్చక్షరం మొహం కూడా చూడని పిల్లల సంగతేమిటి? పిల్లవాడికొక ల్యాప్‌టాప్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన నికొలస్ నెగ్రొపాంటే బృందం ఇథియోపియాలో రెండు మారుమూల గ్రామాలకు ట్యాబ్లెట్లు పంపింది. పెట్టెల్లో పెట్టి, సీలు కూడా విప్పకుండా, ఇదేమిటో ఎలా వాడాలో ఒక్క ముక్క చెప్పకుండా వదిలేసింది. 2012లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం నాలుగు నిమిషాల్లో ఒక పిల్లవాడు పెట్టె విప్పి ఆన్ చేసే మీట కనిపెట్టాడు. రెండు వారాల్లో ఇంగ్లిష్ అక్షరాల పాటలు పాడుతున్నారు. ఐదో నెలలో తాళం తీశారు. కెమెరా పనిచేయకుండా ఎవరో కట్టేసి పంపితే దాన్ని పనిచేయించారు. పథకం పెట్టినాయనే పథకం గురించి చెప్పిన మాట కాబట్టి, పెళ్లిళ్ల పేరయ్య చెప్పే పెళ్లికొడుకు జీతంలాగా కొంత తరుగు తీసి వినాలి. సగానికి సగం తీసేసినా మిగిలేది తక్కువేం కాదు.

ఇక్కడ పెద్దమనుషులు అడ్డు తగులుతారు. నాలుగు మీటలు నొక్కడం కూడా ఒక చదువేనా, ఒకడు కనిపెడితే మిగతావాళ్లు కాపీ కొట్టారు, అంతేగా అంటారు. ఒప్పుకుంటాను. ముప్పాతిక మంది చేసింది కాపీయే. కానీ ఆ కాపీ ఎలా సాగిందో చూడండి. చిక్కు నిజమైనది, దాటితే దక్కేది కళ్లెదురుగా ఉంది, తప్పు చేస్తే మార్కులు పోవు, తెలిసినవాడు తెలియనివాడికి చెప్పాడు, వాడు ఇంకొకడికి చెబుతూ తన సొంత మెరుగొకటి కలిపాడు. టీచర్ల శిక్షణ తరగతుల్లో ఏటా కాఫీ టిఫిన్లు పెట్టి మరీ చెప్పే ఆదర్శ బోధన ఇదే. కాకపోతే మనం ఇస్తున్న పాఠంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. బోర్డు మీద చెప్పిన ముక్కనే వీడియో తీసి తెర మీద పెట్టి, దాన్ని డిజిటల్ విద్య అంటాం. గోడ మీద మేకు తీసి తలుపు మీద కొట్టినంత మాత్రాన క్యాలెండర్‌లో తారీఖు మారదు.

అసలు సాఫ్ట్‌వేర్ తాళం చిన్నది. దానికి తాత బీరువా తాళం. 1984లోనే కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పేరుతో మన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపించింది. అప్పటి నుంచి కంప్యూటరు బడిలోకి వస్తూనే ఉంది, క్లాసులోకి మాత్రం రావడం లేదు. దానికి ఒక గది, ఆ గదికి కర్టెన్లు, గుమ్మం బయట చెప్పులు విడవాలన్న బోర్డు, దసరాకి మానిటరు నుదుట కుంకుమబొట్టు. గర్భగుడిలోకి పూజారి తప్ప ఎవరూ వెళ్లకూడదు, ఆ పూజారి పోస్టు ఖాళీ. దీనికి హెడ్మాస్టర్లను తిట్టిపోయడం తేలిక. కానీ ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించండి. యంత్రం పాడైతే ఆయన సంజాయిషీ రాయాలి. పోతే జీతంలోంచి కట్టాలేమోనని భయపడాలి. ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో పదేళ్లు నిక్షేపంగా ఉంటే మాత్రం ఏ ఆడిటరూ పల్లెత్తు మాట అనడు. ఉందా లేదా అన్నదే తనిఖీ, పనికొచ్చిందా లేదా అన్నది కాదు. అలాంటప్పుడు తెలివైన మనిషెవరైనా చేసే పని తాళం వేయడమే. ఆయన పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు.

ఇది మన గుమాస్తాగిరీ జబ్బని చప్పరించేవాళ్లు ఒకసారి పెరూ వెళ్లి రావాలి. పిల్లవాడికొక ల్యాప్‌టాప్ పథకంలో అందరికంటే ఎక్కువ కొన్నది ఆ దేశమే, ఎనిమిది లక్షలకు పైగా. పల్లెల్లోని 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లోనూ భాషలోనూ ల్యాప్‌టాప్ ఉన్న బడికీ లేని బడికీ తేడా కనబడలేదు. పిల్లల సాధారణ ఆలోచనా శక్తిలో కొంచెం మెరుగుదల కనిపించింది, అంతే. ల్యాప్‌టాప్‌లో 200 పుస్తకాలు నింపి ఇచ్చినా చదివే అలవాటు పెరగలేదు. అందరూ ఈ ఫలితం దగ్గరే ఆగిపోతారు. అదే అధ్యయనంలో నాకు ముఖ్యమనిపించిన ముక్క వేరే ఉంది. ఇంటికి తీసుకెళ్లడానికే ఉద్దేశించిన ఆ యంత్రాన్ని నిజంగా ఇంటికి తీసుకెళ్లింది సుమారు 40 శాతం మందే. కొన్ని బడులు పంపలేదు. పాడైతే, పోతే ఎవరు కట్టుకుంటారని తల్లిదండ్రులూ వద్దనుకున్నారు. ఆండీస్ కొండల్లోని హెడ్మాస్టరుకీ ఒంగోలు హెడ్మాస్టరుకీ బంధుత్వమేమీ లేదు. ఇద్దరూ ఒకే రిజిస్టరు రాస్తున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నది స్పానిష్‌లో ఎలా అంటారో గానీ, అనే అవసరం మాత్రం వాళ్లకూ వచ్చింది.

తాళాలన్నీ పీకి పారేయమంటారా, రీల్సూ ఆటలూ ఇంకా చెప్పకూడనివీ చూస్తూ కూర్చుంటే మీరు బాధ్యత తీసుకుంటారా అని ఒక తల్లి అడిగితే నా దగ్గర హాస్యం లేదు. ఆవిడ భయం న్యాయమైనది. చిన్నపిల్లల ముందు ఇంటర్నెట్ మొత్తాన్ని కుప్పపోయమని నేను అనను. కాపలా ఉండాలి. తాళం వేశాం కదా, కాపలా అయిపోయిందని నిద్రపోవడం దగ్గరే నా పేచీ. లాస్ ఏంజెలెస్‌లో ఊడింది ప్రొఫైల్ ఒక్కటే కాదు, ఆ నిద్ర కూడా. పక్కన కూర్చున్న టీచరు, ఏం చూశావురా అని అడిగే అమ్మ, ఇది వాడి ఈ వారం ఫలానాది చేసి చూపించు అన్న పని, ఈ మూడూ ఏ సెట్టింగులోనూ చెరిగిపోవు. కంపెనీలు వీటిని అమ్మవు కాబట్టి టెండరులో ఉండవు.

మరికొందరు ఈ గొడవంతా ఎందుకు, మళ్లీ పలకా బలపం చాలంటారు. 2023లో స్వీడన్ తెరలు తగ్గించి అచ్చు పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించిందని చూపిస్తారు. స్వీడన్ పిల్లవాడు బడిలో తెర మూసి ఇంటికెళితే ఇంట్లో ఇంకో రెండు తెరలుంటాయి. మన ప్రభుత్వ బడి పిల్లవాడి సంగతి అది కాదు. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటరు మీదే జరుగుతోంది. మూడు గంటలు, 160 ప్రశ్నలు. కూలివాళ్ల పిల్ల మౌసును మొట్టమొదట పరీక్ష హాల్లోనే పట్టుకుంటే, ఆ పిల్లకు 161వ ప్రశ్న ఒకటి అదనంగా ఇచ్చినట్టే. పైగా అది మొదటి ప్రశ్న. బీరువాలో ఉన్న యంత్రం ఆ పిల్ల కోసమే కొన్నది.

కాబట్టి మీ ఊరి బడి వార్షికోత్సవానికి వెళ్లినప్పుడు కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని అడక్కండి, రిజిస్టరు తెచ్చి చూపిస్తారు. కీబోర్డు ఒక్కటి తెమ్మనండి. మీటల మీద ఇంకా ప్లాస్టిక్ కాగితం ఉంటే, టీ తాగి వచ్చేయండి. అక్షరాలు అరిగిపోయి, ఎంటర్ మీట ఒక పక్కకు ఒరిగి ఉంటే మాత్రం ఆ హెడ్మాస్టరుగారికి రెండు చేతులెత్తి దండం పెట్టండి. సంజాయిషీ రాయాల్సి వస్తే సాక్షి సంతకం మీరు చేయండి.