గోడెక్కిన ధన్వంతరులు

ఊరు దాటగానే రైల్వే గేటు పక్కన ఒక ప్రహరీగోడ ఉంటుంది. పసుపు రంగు పూసి, దాని మీద ఎర్రక్షరాలతో తెలుగు మగవాడి ఆరోగ్య పరిస్థితిని సవివరంగా రాసి ఉంటారు. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, అంగస్తంభన లోపం, స్వప్నస్ఖలనం, చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల కలిగిన నష్టం, సైజు. అదే ఊపులో మొలలు, ఉబ్బసం, తెల్లమచ్చలు. ఫలానా లాడ్జిలో ప్రతి నెలా ఐదో తేదీన డాక్టరుగారి దర్శనం. మూడు తరాల అనుభవం. గోల్డ్ మెడల్ కూడా ఉంది. ఏ యూనివర్సిటీ ఇచ్చిందో రాయడానికి మాత్రం గోడ చాల్లేదు. చివర్న 'పెళ్లికి ముందు, పెళ్లి తర్వాత సంప్రదించండి' అని ఒక ఆప్తవాక్యం. ఇక మిగిలింది పెళ్లిరోజు. అది పురోహితుడి వాటా కాబట్టి వదిలేసినట్టున్నారు.

ఇలాంటి ప్రకటనలు వేయకూడదని ఈ దేశంలో 1954 నుంచీ చట్టం ఉంది. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుకు ప్రచారం చేస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, రెండోసారి ఏడాది దాకా. చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది, ప్రకటన గోడ మీద భద్రంగా ఉంది. ఇన్నేళ్లలో ఒకదాన్నొకటి పలకరించుకున్న దాఖలాలు తక్కువ.

లాడ్జి గదిలో జరిగే పరీక్ష ఎంతో సులువు. పొద్దున్నే లేవబుద్ధి కాదా? చదివింది గుర్తుండడం లేదా? కళ్ల కింద నలుపా? నడుం లాగుతోందా? తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేచే ఇంటర్మీడియట్ కుర్రాడెవడైనా ఈ ప్రశ్నల్లో ఒక్కదానికైనా కాదని చెప్పగలడా? చెప్పలేడు. దాంతో రోగ నిర్ధారణ అయిపోతుంది. కారణం చిన్నప్పటి తప్పు, మందు మూడు నెలల కోర్సు. నిజానికి ఆ వయసులో హస్తప్రయోగం చేయని మగపిల్లలు అరుదు. దానివల్ల నరం తెగదు, అంగం వంకర పోదు, జ్ఞాపకశక్తి జారిపోదు, పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోరు. ఇంత చిన్న సంగతిని ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పకపోవడమే ఆ లాడ్జి గది అద్దె కడుతోంది.

ఈ వ్యాపారానికి మూలధనం ఒక లెక్క. ఒక్క చుక్క వీర్యం తయారవ్వాలంటే వంద చుక్కల రక్తం ఖర్చవుతుందట. సరే, లెక్క చేసి చూద్దాం. ఒకసారి స్ఖలనంలో వచ్చేది ఒకటిన్నర నుంచి ఐదు మిల్లీలీటర్లు. మధ్యస్థంగా మూడు అనుకోండి. వందతో హెచ్చవేస్తే 300 మిల్లీలీటర్ల రక్తం. బ్లడ్ బ్యాంకువాళ్లు తీసుకునేదే 350. అది తీసుకుని బిస్కెట్లు, జ్యూసు చేతిలో పెట్టి, మూడు నెలల దాకా మళ్లీ రావద్దని పంపిస్తారు. మనవాళ్ల పెళ్లిళ్లలో మూడు నిద్రలు. రోజుకి ఒక్కసారి చొప్పునే వేసుకున్నా మూడో తెల్లవారికి అల్లుడిగారి ఒంట్లో ఉన్న అయిదు లీటర్లలోంచి దాదాపు లీటరు పోయి ఉండాలి. మామగారు పెట్టాల్సింది కారు కాదు, 108 అంబులెన్సు.

వీర్యంలో ఉండేది చాలావరకు నీళ్లు. అందులో కాస్త ఫ్రక్టోజ్ అనే చక్కెర, కొద్దిగా ప్రోటీను, ఇంకొన్ని లవణాలు. ఎక్కువ భాగం శుక్రకోశాల నుంచి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. అసలు శుక్రకణాల వాటా నూటికి అయిదు కూడా ఉండదు. ఖర్చు పెట్టకుండా దాచినా అవి దాగవు. పాతవి శరీరంలోనే కరిగిపోతాయి, కొత్తవి పుడుతూనే ఉంటాయి. సప్తధాతువుల్లో చివరిది శుక్రం అని ఆయుర్వేదం చెప్పింది నిజమే. దానికి ఈ మార్పిడి రేటు ఎవరు కట్టారో గానీ, అలాంటి రేటే యూరప్‌లోనూ చలామణీ అయింది. స్విట్జర్లాండుకు చెందిన తీస్సో అనే వైద్యుడు 1760 ప్రాంతంలో హస్తప్రయోగం మీద ఒక పుస్తకం రాసి, ఒక ఔన్సు వీర్యం పోవడం నలభై ఔన్సుల రక్తం పోవడం కన్నా ఎక్కువ నష్టమని తేల్చాడు. యూరప్ అంతా వణికింది. అక్కడ నలభై ఉన్నది మన గోడ మీద వంద అయింది. ధరలు పెరగనిదెక్కడ?

ఆ వణుకుకి మన దేశంలో వైద్యపరమైన పేరు కూడా ఉంది. 1960లో నరేంద్రనాథ్ విగ్ అనే మానసిక వైద్యుడు దాన్ని 'ధాత్ సిండ్రోమ్' అన్నాడు. మూత్రంలో ధాతువు పోతోందని, అందుకే నీరసమని, ఆకలి లేదని, నిద్ర పట్టదని వచ్చే మగవాళ్లు. పరీక్ష చేస్తే మూత్రం మామూలుగానే ఉంటుంది. లోపల ఆందోళనో, దిగులో ఉంటుంది. వాళ్లలో చాలామందికి కావాల్సింది కాసేపు కూర్చోబెట్టి వినేవాడు. వినడానికి బిల్లు వేయలేరు గనక గోడ వైద్యులు ఆ సేవ ఇంకా ప్రారంభించలేదు.

నరాల బలహీనత సంగతికొద్దాం. పురుషాంగంలో ఎముక లేదు. బిగించి లేపే కండ కూడా ఏమీ లేదు. నిలువునా రెండు స్పాంజి కడ్డీల్లాంటి భాగాలు ఉంటాయి. ఇష్టమైన స్పర్శో, ఊహో కలిగినప్పుడు వెన్నుపాము కింది భాగం నుంచి సంకేతం వెళ్తుంది. నరాల కొసల దగ్గర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. రక్తనాళాల గోడల్లోని కండరాలు సడలుతాయి. సడలగానే రక్తం లోపలికి ఉరుకుతుంది. ఉబ్బిన స్పాంజి, రక్తం బయటికి పోయే సిరల్ని నొక్కిపెడుతుంది. అంతే. అంటే ఇక్కడ గట్టితనం సడలింపులోంచి వస్తుంది. దీన్ని మొదలుపెట్టే నరాలు ఒళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడు, అన్నం అరిగేటప్పుడు పనిచేసే జట్టువి. భయపడితే పనిచేసే జట్టు వేరే ఉంది. అది అడ్రినలిన్ వదిలి ఈ నాళాల్ని బిగించేస్తుంది. పులి వెంటపడ్డవాడికి అంగస్తంభన అవసరం లేదని శరీరం చాలాకాలం కిందటే తీర్మానించుకుంది.

ఇప్పుడు ఆ గోడ ఏం చేస్తోందో చూడండి. మామూలుగా ఉన్నవాడిని ఆపి, నీకు జబ్బుందేమో చూసుకో అంటుంది. వాడు ఆ రాత్రి పక్క మీద భార్యను చూడ్డం మానేసి తనను తాను చూసుకోవడం మొదలుపెడతాడు. లేచిందా, ఉందా, పడిపోతోందా? అడ్రినలిన్ వస్తుంది, నాళం బిగుస్తుంది, పడిపోతుంది. తెల్లారి నేరుగా లాడ్జికి. దోమల మందు అమ్మేవాడు ముందు సాయంత్రం నాలుగు సీసాల దోమల్ని వీధిలో వదిలి వెళ్లినట్టు.

అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1966లో సంభోగంలో శరీరం ఏ దశల్లో ఎలా స్పందిస్తుందో ప్రయోగశాలలో గమనించి పుస్తకం వేశారు. 1970లో లైంగిక సమస్యల మీద ఇంకొకటి. తన పడకగదిలో తానే ప్రేక్షకుడైపోయిన మగవాడి అవస్థను వాళ్లు చక్కగా పట్టుకున్నారు. వాళ్ల చికిత్సలో మొదటి నిబంధన: కొన్నాళ్లు సంభోగం వద్దు. ఒకరినొకరు తాకండి, ఎలా ఉందో చెప్పుకోండి, అంతవరకే. నెగ్గాల్సిన పరీక్షే లేకపోయేసరికి ఫెయిలవుతామన్న భయం పోయి, సగం సమస్య దానంతటదే తగ్గేది. మన శోభనం గది దీనికి సరిగ్గా తలకిందులు. తెల్లవారుజాము ముహూర్తం, హోమం పొగ, మూడు రోజులుగా నిద్ర లేదు. వధువుతో ఇంతకుముందు మాట్లాడింది ఫోన్లో. తలుపు అవతల పిన్నులు, వదినలు. స్నేహితులు పంపిన సలహాలు ఫోను నిండా. ఆ రాత్రి ఏమీ జరక్కపోతే అది కుర్రాడి శరీరం సక్రమంగా పనిచేస్తోందనడానికి రుజువు.

అసలు సమస్య ఒంట్లోనా, మనసులోనా తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని ఆనవాలు ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, ముఖ్యంగా కలలొచ్చే దశల్లో, రాత్రికి మూడు నుంచి అయిదుసార్లు అంగం గట్టిపడుతుంది. తెల్లారి లేచేసరికి కనిపించేది వాటిలో ఆఖరుది. అది బాగుంటే పైపులూ వైర్లూ చాలావరకు బాగున్నట్టే. దీనికి ఫీజు లేదు, అందుకే లాడ్జిలో ఎవరూ అడగరు.

మందు పనిచేస్తుందని రుజువు చూపించాలంటే బ్రిటన్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ దగ్గర నేర్చుకోవాలి. 1983లో లాస్‌వేగాస్‌లో మూత్రవ్యాధి నిపుణుల సభ. ఆయన ట్రాక్ ప్యాంటుతో వచ్చి ప్రసంగించాడు. రక్తనాళాల్ని సడలించే మందును హోటల్ గదిలోనే తనకు తాను ఇంజెక్షన్ చేసుకొచ్చానని చెప్పి, ప్యాంటు దించి, ఉపన్యాసం ఇవ్వడం ఎవరికీ ఉద్రేకం కలిగించే పని కాదు గనక ఇది పూర్తిగా మందు ప్రభావమేనని నిరూపించాడు. ముందు వరస దాకా నడిచి వెళ్లాడు కూడా. మన ధన్వంతరుల నుంచి ఇంత త్యాగం ఎవరూ కోరరు. లేహ్యంలో ఏముందో సీసా మీద రాస్తే చాలు.

రాయరు. ఎందుకంటే మూలికల పేరుతో అమ్మే ఇలాంటి గుళికల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉన్నట్టు ఎన్నో దేశాల ప్రయోగశాలలు పట్టుకున్నాయి. అది గుండెనొప్పికి మందు వెతుకుతుంటే దొరికి, 1998లో అమెరికాలో అనుమతి పొందిన వయాగ్రా. తగినవాడికి డాక్టరు చూసి ఇస్తే మంచి మందు. గుండెజబ్బుతో జేబులో సార్బిట్రేట్ పెట్టుకు తిరిగే పెద్దమనిషి మూలికే కదా అని మింగి, తర్వాత నాలుక కింద ఆ మాత్ర పెట్టుకుంటే మాత్రం రక్తపోటు పాతాళానికి పడిపోతుంది. ప్రాణానికే ముప్పు.

గోడ దాచిపెట్టే అసలు సంగతి కూడా అతనిదే. నలభై, యాభై దాటినవాడికి అంగస్తంభన క్రమంగా తగ్గుతోందంటే అది తరచూ రక్తనాళాల గొడవ. అక్కడి ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమనులవి మూడు నాలుగు. పూడిక ముందు సన్నదాన్ని పడుతుంది. గుండెపోటుకు కొన్నేళ్ల ముందే కింద గంట మోగుతుందన్నమాట. పదికోట్ల మందికి పైగా మధుమేహులున్న దేశంలో ఆ గంట విన్నవాడు వెళ్లాల్సింది షుగరు, బీపీ, కొలెస్టరాల్ చూపించుకోడానికి. సిగరెట్టు, మందు సీసా, వాడుతున్న మాత్రల చీటీ కూడా డాక్టరు ముందు పెట్టాలి. అతను వెళ్లేది మాత్రం లేహ్యానికి. మరికొందరు గాడిద మాంసానికి. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల్లో పటుత్వం వస్తుందని తినడం, అందుకోసం పక్క రాష్ట్రాల నుంచి దొంగచాటుగా గాడిదల్ని తోలుకురావడం వార్తల్లో చదివిందే. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో గాడిదలు 61 శాతం తగ్గాయి. ఆ పాపంలో అన్నిటికన్నా తక్కువ లాభపడ్డది మన పటుత్వమే. తిన్నవాడికి దాని గుణం వచ్చేటట్టయితే మూటలు మోసే ఓర్పు కూడా రావాలి కదా. అది మాత్రం ఎవరికీ అబ్బినట్టు లేదు.

ఇక సమయం. అరగంట, గంట అని గోడ హామీ. అయిదు దేశాల్లో 500 జంటలకు స్టాప్‌వాచీలిచ్చి కొలిపించారు, ఫలితాలు 2005లో వచ్చాయి. మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు. సగం మంది అంతకన్నా ముందే ముగించినవాళ్లు. మొదటినుంచీ ఎప్పుడూ నిమిషం లోపే అయిపోతూ, ఆపుకోలేక బాధపడుతుంటే అది సమస్య. దానికి 1956లోనే సీమన్స్ అనే వైద్యుడు రాసిన ఆపి, మళ్లీ మొదలుపెట్టే సాధన ఉంది. కావాలంటే మాత్రలూ ఉన్నాయి. విజయవాడ డాక్టర్ సమరం 'స్వాతి' వారపత్రికలో ఏళ్ల తరబడి ఇవే చెప్పారు. ఇంట్లో సీరియల్ అందరి ముందూ చదివినవాళ్లు ఆ పేజీ మాత్రం ఒంటరిగా చదివేవారు. చదివి, అవే ప్రశ్నలు మళ్లీ రాసేవారు.

ఇంతకీ ఆ అరగంట ఎవరి కోసం? గోడ మీద పైట జారిన స్త్రీ బొమ్మ ఉంటుంది గానీ, ఆవిడ గురించి ఒక్క వాక్యం ఉండదు. ఆవిడ పని పక్కన నిలబడి మార్కులు వేయడం. స్త్రీ సుఖానికి కేంద్రం యోనిశీర్షం. పైకి కనిపించేది దాని కొస మాత్రమేనని, మిగతాది లోపలికి రెండు వైపులా విస్తరించి ఉంటుందని ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో వివరంగా చూపించింది. కేవలం లోపలి కదలికతోనే భావప్రాప్తి పొందే స్త్రీలు తక్కువ. కాబట్టి గోడవారి అరగంట చాలా ఇళ్లలో ఎవరూ అడగని ప్రశ్నకు సమాధానం. ఆవిడకూ ఉద్రేకమంటే రక్తం చేరడమే. యోని గోడల్లోంచి తడి ఊరడానికి సమయం పడుతుంది, భయపడితే ఆగిపోతుంది. కాన్పయ్యాక పాలిచ్చే రోజుల్లో, ముట్లు ఆగాక పొడిబారడం మామూలు. అక్కడ కావాల్సింది జెల్లు, డాక్టరు సలహా. అందే మాట మాత్రం 'సర్దుకో'.

కొందరు అమ్మాయిలకు తాకబోతేనే యోని చుట్టూ కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. ఇష్టం లేక కాదు, నాటకమూ కాదు. సరైన మాటసాయం, కండరాలు వదులుచేసే వ్యాయామం, మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతి, వీటితో చాలామందికి నయమవుతుంది. కానీ ఇది పైకి చెప్పుకునే జబ్బు కాదాయె. అందుకే కలయికే జరగని జంటలు సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిరిగి స్కానింగులు, హార్మోను పరీక్షలు చేయించుకోవడం డాక్టర్లకు కొత్త సంగతేం కాదు. ఈలోగా అత్తగారు కోడలి చేత నాగప్రతిష్ఠ చేయిస్తుంది, రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయిస్తుంది. దరఖాస్తే అసంపూర్తిగా పెడితే దేవుడు మాత్రం ఏం మంజూరు చేస్తాడు?