అద్దం మీది సూత్రాలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

టీకా అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి బతికినవాణ్ణి. నాకు టీక అంటే పద్యం కింద సన్నక్షరాల్లో ఉండేది. మా అక్క కూతురికి టీకా అంటే జబ్బకు పొడిచేది. ఆ పాప బీఎస్సీ నర్సింగ్ చదివి, రాష్ట్ర కౌన్సిల్లో పేరు ఎక్కించుకుని, రెండేళ్ళు రాత్రి డ్యూటీలు చేసి, ఇప్పుడు అమెరికా లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్షకు కూర్చుంటోంది. పరీక్ష సెంటరు బెంగళూరులో. పుంగనూరు నుంచి బస్సులు మారి పోవడం కంటే కుప్పంలో రైలెక్కడం తేలికని మూడు నెలలుగా మా మేడమీది గదిలో ఉంది.

చివరి వారం వచ్చేసరికి పుస్తకాలన్నీ మంచం కిందికి పోయి, సారం మాత్రం గోడలకెక్కింది. దిన క్యాలెండర్ కాగితాలు చింపి, వెనక తెల్లవైపు ఒక్కో ముక్క రాసి, అద్దానికీ ఫ్రిజ్‌కీ మెట్ల గోడకీ అంటించింది. ఒకరోజు గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే నా మొహం ఉండాల్సిన చోట "ఒంటేలు లేనిదే కె లేదు" అని కనిపించింది. నాలుగు మాటలు, ఒక నిషేధం, కర్త లేడు, కారణం లేదు. ఇలాంటి వాక్యం కనబడితే తెలుగు మాస్టరు చెయ్యి ఊరుకోదు.

వ్యాఖ్యాతలకు పెద్ద కోలాచల మల్లినాథ సూరి. మెదకు దగ్గరి కొల్చారం ఆయనది. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యానాల విషానికి మూర్ఛపోయి ఉందనీ, తన వ్యాఖ్య దాన్ని బతికిస్తుందనీ చెప్పుకుని, దానికి సంజీవని అని పేరు పెట్టాడు. అంటే అవసరమైనప్పుడు విరుగుడు ఇచ్చినవాడే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న ఒట్టులో మొదటి సగం నేనూ పెట్టుకున్నాను. రెండో సగం నా వల్ల కాదు.

మూలం 1. "ఒంటేలు లేనిదే కె లేదు." (స్నానాలగది అద్దం, కుడిమూల, నీలిసిరా)

ప్రతిపదార్థం: ఒంటేలు = మూత్రము; లేనిదే = సరిగా వెడలనియెడల; కె = పొటాషియము; లేదు = నరమునకు ఎక్కింపరాదు.

శంక: పొటాషియం అనే మాటను ఎన్నిసార్లు విరిచినా అందులో కకారం లేదు. ఈ కె ఎక్కడిది?

సమాధానం: అరబ్బులు మొక్కల బూడిదను అల్ ఖలీ అన్నారు. దానినుంచి లాటిన్‌వాళ్ళ కేలియం, అందులో మొదటి అక్షరం ఈ కె. 1807లో హంఫ్రీ డేవీ ఈ లోహాన్ని విడదీసినప్పుడు ఇంగ్లీషువాడు ఇంకో దారి పట్టాడు. కట్టెల బూడిదను నీళ్ళలో కలిపి కుండల్లో ఇగరబెడితే వచ్చే దాన్ని వాళ్ళు కుండబూడిద అనేవాళ్ళు, వాళ్ళ భాషలో పాటాష్. అదే పొటాషియం అయింది. ఎటు తిరిగినా బూడిదే. మా అమ్మ పొయ్యిలోది తీసి అంట్లు తోమింది దీంతోనే. ఆమెకు తెలీదు, నాకు మొన్నటిదాకా తెలీదు.

తాత్పర్యం: ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది ముఖ్యంగా మూత్రపిండాలు. అవి పని మానేసి ఉన్నప్పుడు మనం పైనుంచి ఎక్కిస్తే పోయే దారి లేక రక్తంలో నిలబడుతుంది. ఉండాల్సింది 3.5 నుంచి 5 లోపల. బాగా దాటితే గుండె లయ తప్పుతుంది. అందుకని మూత్రపు సంచిలో గంటకు కనీసం 30 మి.లీ. పడుతోందా అని చూశాకే బాటిల్ తగిలించాలి. సిరంజితో నేరుగా నరంలోకి తోయడం మాత్రం ఎన్నడూ లేదు. సెలైన్‌లో బాగా పలచన చేసి, మెల్లగా.

విశేషం: మదనపల్లె టమాట మార్కెట్టు ఎంత పెద్దదో ఈ చుట్టుపక్కల చెప్పక్కర్లేదు. టమాటలో పొటాషియం దండిగా ఉంటుంది. డయాలసిస్‌కు వచ్చే టమాట రైతుకు "టమాట తగ్గించప్పా, ఎళనీరు తాగొద్దు" అని చెప్పే పని ఈ నర్సు పిల్లలది. అది కూడా ఒక భాషలో చెప్తే సరిపోదు. కుప్పం మూడు రాష్ట్రాల మూల. ఒక మంచం మీద కన్నడం, పక్కమంచం మీద తమిళం, మూడోదాని మీద రెండూ కలిసిన మా తెలుగు. ఇక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టి భాషల్ని పోల్చి చదువుతున్నారు. వార్డులో ఆ పని జీతానికి, నిలబడి చేస్తారు.

మూలం 2. "తేట ముందు, మబ్బు తర్వాత." (ఫ్రిజ్ తలుపు)

ఇది చదవగానే ఇందులో తప్పుందనుకున్నాను. మబ్బు ముందు, వాన తర్వాత అన్నది ఈ మెట్టభూముల అనుభవం. మబ్బు వచ్చి వాన రాకపోవడం ఇంకా పెద్ద అనుభవం. పాపను అడిగితే నవ్వి వంటింట్లోకి తీసుకుపోయింది.

టీక: తేట = రెగ్యులర్ ఇన్సులిన్, నీళ్ళలా ఉంటుంది, తొందరగా పనిచేస్తుంది. మబ్బు = ఎన్‌పీహెచ్, తెల్లగా మసకగా ఉంటుంది, నిదానంగా పనిచేస్తుంది. ఆ పేరులో చివరి హెచ్ డెన్మార్క్ డాక్టరు హాగెడోర్న్‌ది. రెండూ ఒకే సిరంజిలో తీసుకోవాల్సి వచ్చినప్పటి నియమం ఇది.

పాప రెండు ఖాళీ సీసాలు పెట్టింది. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో పల్చటి మజ్జిగ. మజ్జిగ సీసాను అరచేతుల మధ్య పెట్టి దొర్లించింది. కుదపకూడదట, నురగ వస్తే కొలత తప్పుతుంది. తేట 10, మబ్బు 20 అనుకుంది. ముందు మజ్జిగ సీసాలోకి 20 గీతల గాలి ఎక్కించి, ఏమీ తీయకుండా సూది బయటికి లాగింది. తర్వాత నీళ్ళ సీసాలోకి 10 గాలి, అట్లే తలకిందులు చేసి 10 నీళ్ళు తీసింది. మళ్ళీ మజ్జిగ దగ్గరికొచ్చి గీత 30 దాకా లాగింది.

శంక: మబ్బు తర్వాత అని రాసి, మొదట మబ్బు సీసా దగ్గరికే పోయితివే?

సమాధానం: "అది గాలి మామా. సూత్రం మందుకు, గాలికి కాదు."

చూశారా, ఫ్రిజ్ మీది సూత్రం ఎంత మోసమో. గాలికి మబ్బే ముందు, మందుకు తేట ముందు. సగం చెప్పి సగం మింగిన సూత్రం ఇది. నేను ఊరకుండక సిరంజి తీసుకుని తలకిందులుగా చేశాను. ముందు మజ్జిగ లాగి, అదే సూదిని నీళ్ళ సీసాలో గుచ్చాను. సూదిమొన నుంచి ఒక తెల్లటి దారం నీళ్ళలోకి దిగి, మెలికలు తిరిగి, కరిగిపోయింది. సీసా చూడ్డానికి మామూలుగానే ఉంది. "ఇప్పుడు ఈ సీసా నుంచి ఇంకో పేషెంటుకు తొందర మందు ఇస్తామనుకో, అది అనుకున్నంత తొందరగా పనిచేయదు. ఎవురు కలిపినారో కూడా తెలీదు" అంది. తాత్పర్యం ఆ తెల్లదారమే, నేను రాసేది కాదు.

ఇంకో చిక్కు. తేటగా ఉండేదంతా ఈ తేట కాదు. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ కూడా తేటే, కానీ రోజంతా మెల్లగా పనిచేస్తుంది. దాన్ని దేంతోనూ కలపకూడదు. దానికి వేరే చీటీ ఉండాల్సింది. నేను చెప్పాక ఎర్రసిరాతో రాసి అంటించింది. ఈ వ్యాఖ్యానం వల్ల లోకానికి జరిగిన ఒకే మేలు అది.

మూలం 3. "8 అయితే ఆపు. మర్చిపోతే పోయినట్టే." (మెట్ల గోడ)

ఇది ఘనమైన సూత్రమని మొదటి చూపులోనే తెలిసింది. 8 అంకె కోసం రాత్రి పాప పుస్తకం తిరగేశాను. దొరికింది. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు తలదెబ్బ తగిలిన మనిషి స్పృహను కొలవడానికి ఒక కొలబద్ద చేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది, సున్నా లేదు. 8కి దిగితే గొంతులో గొట్టం వేసే ఆలోచన చేయాలని చదువుకునేవాళ్ళు కంఠస్థం చేస్తారు. ఇక "ఆపు" అన్న పదానికి "ప్రాణము పోకుండ నిలుపుము" అని అర్థం చెప్పి, అధ్యాహారం వేసి, అన్వయం కుదిర్చి, రెండు పేజీలు నింపాను.

పొద్దున మా ఆవిడ చదివి, "అది నేను రాసింది. ఎనిమిదికల్లా ట్యాంకు నిండుతుంది, మోటారు ఆపమని" అంది.

ఆ రెండు పేజీలు తీసేశాను. గ్లాస్గో సంగతి మాత్రం నిజం కనుక ఉంచాను.

మూలం 4. "ఆప్గార్: రంగు నాడి చిట్లింపు కదలిక ఊపిరి. 1, 5." (గది తలుపు లోపలివైపు)

పుట్టిన బిడ్డకు లోకం వేసే మొదటి మార్కులు. ఒక్కోదానికి 0, 1, 2. పుట్టిన ఒకటో నిమిషంలో ఒకసారి, అయిదో నిమిషంలో ఒకసారి. 7, ఆపైన వస్తే ధైర్యం. తొలి నిమిషంలో పదికి పది వచ్చే బిడ్డలు అరుదు. ఒళ్ళు గులాబీరంగు తిరిగినా చేతులు కాళ్ళు ఇంకా నీలంగానే ఉంటాయి, రంగులో ఒక మార్కు తెగుతుంది. లేబర్ రూం బయట నిలబడ్డ తాతకు ఇది చెప్తే "ఒక మార్కు యాల తగ్గిచ్చినారు సిస్టరమ్మా?" అని అడుగుతాడట.

ఆప్గార్ ఇంగ్లీషు స్పెల్లింగులోని అయిదు అక్షరాలూ ఈ అయిదు లక్షణాల ఇంగ్లీషు పేర్లకు మొదటి అక్షరాలని పాప నమ్మకం, దాదాపు అందరి నమ్మకం. కాదు. అది ఒక మనిషి ఇంటిపేరు. వర్జీనియా ఆప్గార్, న్యూయార్క్‌లో మత్తు డాక్టరు. 1952లో ఈ లెక్క చెప్పింది, మరుసటేడు అచ్చయింది. అక్షరాలకు అర్థాలు అతికినట్టు కుదిర్చింది మరో డాక్టరు, దాదాపు పదేళ్ళ తర్వాత. పేరు ముందు పుట్టి వ్యుత్పత్తి తర్వాత పుట్టడం మనకేమీ కొత్త కాదు. మన ఊళ్ళ స్థలపురాణాలు చాలావరకు అట్లా వచ్చినవే. అయినా ఈ కుదిర్చినాయన మీద నాకు అసూయ. నా ముప్పై ఏళ్ళ నిరుక్తాల్లో ఒక్కటీ ఒక బిడ్డకు పనికిరాలేదు.

మూలం 5. "గాలిదారి, ఊపిరి, నెత్తురు." (మంచం తలవైపు)

పాఠాంతరం: "నెత్తురు, గాలిదారి, ఊపిరి." గుండె ఆగిపోయినవాడి విషయంలో ఈ రెండో పాఠమే ప్రమాణం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో వరస మార్చింది: ముందు ఛాతీ నొక్కు, తర్వాతే మిగతావి. మిగిలిన రోగుల్లో ఎవరి దగ్గరికి ముందు పోవాలి, ఏది ముందు చేయాలి అన్నదానికి పాత పాఠమే. పండితులు ఒక పాఠాన్ని కొట్టేసి ఇంకోదాన్ని నిలబెడతారు. ఇక్కడ రెండూ బతికే ఉన్నాయి, ఏ మంచం దగ్గర ఏది చదవాలో తెలియాలి.

దీన్ని వాడే తీరు చూపిస్తానని పాప నన్నొక ప్రశ్న అడిగింది. ఆపరేషన్ అయిన మనిషి ఊపిరాడటం లేదంటున్నాడు. మొదట ఏం చేస్తావు? డాక్టరుకు ఫోన్ చేయడం, తల ఎత్తి కూర్చోబెట్టడం, నొప్పికి మందివ్వడం, కేస్‌షీట్‌లో రాయడం. నేను తడుముకోకుండా డాక్టరుకు ఫోన్ అన్నాను. నాకు తెలిసిన నర్సు పని అదే.

"తప్పు మామా. డాక్టరు వచ్చేలోపల నువ్వేం చేస్తావని అడుగుతా ఉండాడు వాడు."

వాడు అంటే కంప్యూటరు. 1994 నుంచి ఆ పరీక్ష మనిషిని బట్టి మారుతుంది. ఒప్పు రాస్తే తర్వాతది కష్టం, తప్పు రాస్తే తేలిక. ఇప్పుడు తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, 5 గంటల టైము. నీ సంగతి తేలిపోయిందనిపిస్తే 85 దగ్గరే ఆపేస్తుంది. గెలిచినవాళ్ళకూ అక్కడే ఆగొచ్చు, ఓడినవాళ్ళకూ అక్కడే ఆగొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఒక రోగి కథ మొత్తం ముందర పెట్టి వరసగా అడిగే ప్రశ్నలు కూడా చేరాయి. చీటీలు తెలిసినంత మాత్రాన చాలదని వాళ్ళకూ తోచినట్టుంది.

ఉపసంహారం

పరీక్షరోజు తెల్లవారకముందే స్టేషన్‌కు పోయాం. పాప చేతిలో ఒక్క చీటీ లేదు. పాస్‌పోర్టు, నీళ్ళసీసా, మా ఆవిడ కట్టిన చిత్రాన్నం. రైలు బంగారుపేట వైపు కదిలాక ఇంటికొచ్చి చూస్తే అద్దం ఖాళీగా ఉంది. రాత్రే అన్నీ పీకేసినట్టుంది, జిగురు మచ్చలు మాత్రం మిగిలాయి. చాన్నాళ్ళకు నా మొహం మొత్తం కనిపించింది.

రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని సంగటి ముద్ద ముందు కూర్చుంది. ఎన్ని ప్రశ్నల దగ్గర ఆగిందని మా ఆవిడ అడిగితే చెప్పలేదు. నాకు కావాల్సింది వేరే. నోటుబుక్కు తెరిచి పెట్టుకుని, "ఏమేమి అడిగినారు పాపా? కె వచ్చిందా? మబ్బు వచ్చిందా?" అన్నాను.

"చెప్పకూడదు మామా. ప్రశ్నలు బయటికి చెప్పనని ముందే ఒప్పుకుంటేనే పరీక్ష రాయనిస్తారు."

"ఒక్కటి?"

ఊరిబిండి ఇంకొంచెం వేయించుకుంది. మూలం లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాను కదా, నోటుబుక్కు మూసేశాను.