మోకాలు బాగోలేదు, తీసేద్దాం

నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. బాస్కెట్‌బాల్‌ను చేత్తో పట్టుకున్నది మా పిల్లాడి పుట్టినరోజుకి కొని కారు డిక్కీలో పడేసినప్పుడే. అయినా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, డాలస్ శివార్లలో దుప్పటి ముసుగేసుకుని, ఏడడుగుల మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకుంటూ, పీకేస్తూ ఉంటాను. దీన్ని ఫాంటసీ బాస్కెట్‌బాల్ అంటారు.

ఎన్‌బీఏ ఆటగాళ్లను స్నేహితులం పంచుకుంటాం. నిజం మ్యాచుల్లో వాళ్లు చేసిందంతా మా ఖాతాలో పడుతుంది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు, త్రీలు, మామూలు షాట్లదీ ఫ్రీ త్రోలదీ రెండు షూటింగ్ శాతాలు, బంతి పోగొట్టుకున్న పాపాలు, మొత్తం తొమ్మిది పద్దులు. ఐదింట్లో పైచేయి అయితే ఆ వారం మనది. జట్టులో చోటు పదమూడు మందికే. కొత్తవాడు నచ్చితే పాతవాడొకడు బయటికి నడవాలి. అసలు తంటా అక్కడే.

ఈమధ్య మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. నేను బావతో ఫోన్లో అంటున్నాను: "వాడి మోకాలు బాగోలేదు బావా, మూడు వారాలు పడుతుందంట. తీసేద్దామనుకుంటున్నా."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏరా, ఒంట్లో బాగోకపోతే ఉద్యోగం పీకేస్తారా? ఇదేం అన్యాయం?"

నిజం ఉద్యోగం కాదని, అతనికి ఏడాదికి రెండు కోట్ల డాలర్లు వస్తాయని చెప్పాను.

"రూపాయల్లో ఎంత?"

చెప్పాను.

"అయితే తీసెయ్," అని మళ్లీ చిక్కుడుకాయలందుకుంది.

బావ కూడా ఫోన్లో అదే మాట, ఎంతో ఆప్యాయంగా: "తీసెయ్‌రా, ఇంకా ఆలోచిస్తావేంటి?" బావ కూడా మా లీగులోనే ఉన్నాడన్నది ఇక్కడ గమనించాలి. నేను వదిలినవాడు వదిలేసినవాళ్లని ఎవరైనా అడిగేదాకా ఉంచే వేవర్స్‌లో రెండు రోజులు వేలాడి, మూడోరోజు బావ జట్టులో, గాయపడ్డవాళ్ల కోసం ఉంచిన చోట్లో కాళ్లు చాపుకుని కనిపించాడు.

ఎవర్ని తీసుకోవాలన్నదానికి నాకో సిద్ధాంతం ఉంది. 2024 ఏప్రిల్ 3న మలకై ఫ్లిన్ డెట్రాయిట్ బెంచి మీంచి లేచి, అట్లాంటా మీద 50 పాయింట్లు కొట్టాడు. టొరంటోలో మొదలై న్యూయార్క్ మీదుగా ఆ సీజన్లో అతనికది మూడో జట్టు. ఇలాంటి రాత్రుల్లో మా వాట్సాప్ గ్రూపుకి పూనకం వస్తుంది. నేను మాత్రం పాయింట్లు చూడను, నిమిషాలు చూస్తాను. ఇన్ని నిమిషాలు అతనికెందుకు దొరికాయి? అసలువాళ్లు గాయాలతో కూర్చుంటే దొరికాయా? వాళ్లు లేచి వస్తే ఇతను మళ్లీ బెంచికే. పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు బోనస్సు ఎంతొచ్చిందని కాదు, ఉద్యోగం పర్మనెంటేనా అని అడుగుతారు. నిమిషాలే పర్మనెంటు ఉద్యోగం.

నిమిషాలున్నా చాలదు. 2015-16లో డెట్రాయిట్‌లోనే ఆండ్రే డ్రమండ్ మ్యాచుకి సగటున 14.8 రీబౌండ్లతో లీగులో మొదటివాడు. ఫ్రీ త్రోల శాతం 35.5. మన టెన్త్ క్లాసు లెక్కలో పాసే. కానీ 2016 జనవరి 20న హ్యూస్టన్ వాళ్లు ఈ మార్కుల జాబితా చూసేశారు. అతని దగ్గర బంతి లేకపోయినా సరే, కావాలని ఫౌల్ చేస్తూ ఫ్రీ త్రోలు వేసే గీత దగ్గరికి పంపించారు. 36 వేస్తే 13 పడ్డాయి. ఒక్క మ్యాచులో 23 తప్పడం రికార్డు. మ్యాచ్ డెట్రాయిటే గెలిచింది. మునిగింది అతన్ని పెట్టుకున్న ఫాంటసీ జట్లు, ఎందుకంటే మిగతా పన్నెండుమంది వారమంతా పోగేసిన శాతాన్ని ఇతనొక్కడే ఒక సాయంత్రంలో ఊడ్చేయగలడు. ఇలాంటివాడు కావాలంటే ఫ్రీ త్రోల పద్దుకి ముందే నీళ్లొదులుకోవాలి. ఒకసారి వదిలాక ఎంత ప్రశాంతతో! గీత దగ్గర బంతి ఎటు పోతే మనకేంటి?

ఇక క్యాలెండరు. వారంలో నాలుగు మ్యాచులాడే సామాన్యుడు, రెండే ఆడే మొనగాడి కంటే చాలాసార్లు నయం. వరసగా రెండు రాత్రులు ఆటలుంటే పెద్ద స్టార్లు రెండోరోజు కోటు తొడుక్కుని బెంచి మీద కూర్చోవడం కవాయి లెనార్డ్ పుణ్యమా అని అందరికీ అలవాటైంది.

వదిలాక బాధపడేవాళ్లకి నేను జెరెమీ లిన్ పేరు చెబుతాను. 2011 డిసెంబరులో గోల్డెన్ స్టేట్ అతన్ని వదిలేసింది. హ్యూస్టన్ తీసుకుని, సరిగ్గా క్రిస్మస్ ముందురోజు తనూ వదిలేసింది. న్యూయార్క్ వాళ్లు వేవర్స్‌లోంచి ఏరుకున్నారు. ఫిబ్రవరి 4న నెట్స్ మీద 25, పదో తేదీన కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్ మీద 38. ఉంచుకోవాల్సిందని హ్యూస్టన్ జనరల్ మేనేజర్ డారిల్ మోరీ బహిరంగంగానే అన్నాడు. జీతం పుచ్చుకుని, లెక్కలు కట్టేవాళ్లని వెంటపెట్టుకుని ఈ పని చేసేవాళ్ల సంగతే అది.

మార్చి వస్తే ఇంకో లోకం. ఓడే జట్లు, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో మంచి అవకాశం కోసం పెద్దవాళ్లని పక్కనపెట్టి కుర్రాళ్లని ఆడిస్తాయి. సరిగ్గా అప్పుడే మా ప్లేఆఫ్స్. అక్టోబరులో ఎవరూ వినని పేర్ల కోసం అర్ధరాత్రి అలారాలు పెట్టుకుంటాం.

పోయినేడు ఫైనల్లో నేనూ, బావా. ఆదివారం పొద్దున్నకి బావ ఐదు, నేను నాలుగు. ఆ ఐదులో ఒకటి, బంతి తక్కువసార్లు పోగొట్టుకున్న పద్దు, వెంట్రుకవాసి తేడాతో అతనిది. మిగతావి అందనంత దూరంలో ఉన్నాయి. ఆ రాత్రి నా పాయింట్ గార్డులు ఆవేశంగా ఆడి, చాలాసార్లు బంతి పోగొట్టారు. బావ మాత్రం మ్యాచులు మొదలయ్యే ముందే తన జట్టు మొత్తాన్ని బెంచి మీద కూర్చోబెట్టేశాడు. ఒక్కడూ ఆడలేదు. ఒక్క బంతీ పోలేదు. కప్పు ఇప్పుడు ఫ్రిస్కోలో, మా అక్క వాళ్ల టీవీ పక్కన ఉంది.