పొడి జత – టీకాతాత్పర్య సహితము

అవతారిక. మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేస్తాడు. ఉన్నట్టుండి వాడికి అడవిలో బతకడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నల్లమల ఉంది, మారేడుమిల్లి ఉంది. అవేవీ వాడి కంటికి ఆనలేదు. దక్షిణ అమెరికాలో గయానా అని ఒక దేశం. విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ముప్పాతిక పైచిలుకు. జనాభా మొత్తం పోగేసినా పది లక్షలు కాదు. నేలలో నూటికి ఎనభై వంతులకు పైగా అడవే. అక్కడ మకూషీ అనే ఆదివాసులు కత్తి పట్టడం, నిప్పు రాజేయడం, చేపలు పట్టడం నేర్పించి, చివర రెండు రోజులు మనిషిని ఒంటరిగా వదిలేస్తారట. దీనికి మావాడు ఎదురు డబ్బు కట్టాడు.

కట్టిన మర్నాడే ఏమేం తెచ్చుకోవాలో చెబుతూ రెండు పేజీల జాబితా వచ్చింది. ఇంట్లో తలా ఒక అర్థం చెప్పడం మొదలుపెట్టారు. అందులో ‘తడి జత ఒకటి’ అని ఉండటం చూసి మా అక్క, "తడిబట్టలు విమానంలో ఎలా తీసుకెళ్తావురా, నీళ్లు కారవూ?" అంది. ఈ గ్రంథానికి వ్యాఖ్య రాయకపోతే కుర్రాడు దక్కడని నాకు అప్పుడే తెలిసిపోయింది. వ్యాఖ్యాతల్లో ఘనుడు మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడే. మూలంలో లేని ముక్క రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. నాకు అటువంటి నియమాలేమీ లేవు.

రెండు పేజీల ఇంగ్లీషుకు టీక రాయడం శాస్త్రసమ్మతం కాదు కనుక ముందు దాన్ని తేటగీతిలోకి కుదించాను. నాలుగు పాదాల్లోనూ ప్రాసయతి పడిందని ఎవరూ గమనించలేదు కనుక నేనే చెప్పుకుంటున్నాను.

మూలము:

తడియు నొకజతగా నుండఁ బొడియు నొకటి,
వలయు నూయల తాడును బలపుకత్తి,
ఉప్పు పౌడరు ట్యూబును నిప్పుపెట్టె;
పొడిని తడిపిన రాతిరి గడవబోదు.

టీక. తడియున్ = తడిసినదియును; ఒకజతగాన్ = చొక్కా, ప్యాంటు, మేజోళ్లు కలిసి ఒక జతగా; ఉండన్ = ఉండగా; పొడియున్ = పొడిగా ఉండేదియును; ఒకటి = ఒక్కటే, రెండు కాదు. ఇక్కడ ‘తడి’ అంటే విమానం ఎక్కేనాటికే తడిసి ఉండాలని కాదు, అడవిలో దిగిన గంటకు తడుస్తుందని. భవిష్యత్తులో జరగబోయే దాన్ని బట్టి ఇప్పుడే పేరు పెట్టడం మనకు కొత్త కాదు. పెళ్లి కుదిరిన రోజు నుంచే పెళ్లికొడుకు అనడం లేదా? వాన పడితే వానకు, పడకపోతే చెమటకు, ఆ రెండూ కాకపోతే నడుంలోతు వాగుకు ఆ జత తడిసి తీరుతుంది. వానడవిలో పైన కొమ్మలు గొడుగు పట్టినట్టుంటాయి. అడుగు నేలకు దిగే ఎండ నూటికి రెండు మూడు పాళ్లే. అంచేత ఒకసారి తడిసిన బట్ట మళ్లీ ఆరుతుందన్న ఆశ వదులుకోవాలి.

పగలంతా తడి జత. సాయంత్రం ఊయల కట్టుకున్నాక ఒళ్లు తుడుచుకుని, పాదాలకు పౌడరు అద్ది, పొడి జతలోకి మారాలి. పొద్దున్నే లేచి పొడి జత విప్పి, సంచిలో మడిచి, మూతి బిగించి, రాత్రంతా వేలాడిన ఆ చల్లటి తడి చొక్కాలోకే మళ్లీ దూరాలి. ఈ ఘట్టంలో రసం బీభత్సమని నా అభిప్రాయం. కరుణమని మా అక్క.

ఇక్కడ పూర్వపక్షం. "భూమధ్యరేఖకు ఆమడ దూరంలో చలేమిటి మావయ్యా? ఒక రాత్రి తడిబట్టతో పడుకుంటే చచ్చిపోతామా?" అని మేనల్లుడు. సమాధానం. మంచం మీద పడుకుంటే కింద పరుపు వెచ్చగా ఉంటుంది. ఊయలలో వీపు కింద ఉన్నది గాలి. అర్ధరాత్రి వేడి ఇరవై రెండు డిగ్రీలకు దిగి, తడిబట్టకు కింద నుంచి ఆ గాలి తగిలితే పళ్లు టకటకలాడతాయి. చావడు గానీ నిద్ర పట్టదు. నిద్ర లేనివాడి చేతికి మర్నాడు కత్తి ఇస్తారు. ఇక పాదాల సంగతి: రోజుల తరబడి తడిలోనే నానితే చర్మం తెల్లబడి, ముడతలు పడి, ఊడొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ సైనికులను కుంటివాళ్లను చేసింది ఈ వ్యాధే. రాత్రిపూట పాదం ఆరితే మళ్లీ కోలుకుంటుంది. కనుక పొడి జత సుఖం కోసం కాదు, మర్నాటి నడక కోసం.

ఇదంతా నేను చెబితే వాడికి ఎక్కలేదు. పక్కన ఒత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తి, "ఇందులో అర్థం కానిదేముందిరా, పొడి జత మడి. అంతేగా?" అంది.

ఇంట్లో నలుగురు ఇంజనీర్లం ఉన్నాం. ఎవరికీ తోచలేదు. మా అమ్మ ఎనభై ఏళ్లుగా చేస్తున్నది ఇదే: మడిబట్ట ఎత్తు దండెం మీద విడిగా ఉండాలి, కర్రతోనే వేయాలి, కర్రతోనే తీయాలి, వేళ కాకుండా ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆ పూటకు అది అయిపోయినట్టే. అడవిలో దండెం బదులు నీళ్లు చొరని సంచి, అంతే భేదం. అయితే ఆవిడే ఒక శంక కూడా లేవదీసింది: "మనకు తడిబట్ట కూడా మడేగా. అక్కడ తడి మైల ఎలా అయింది?" నేను రెండు రోజులు ఆలోచించి దేశాచారమని సమాధానం చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది. పాఠం చెప్పినవాళ్ల ఊరి ఆచారం పాటించాలన్నది ఆవిడకు మొదటి నుంచీ ఉన్న నియమం.

వలయు. ఇది నా శ్లేష. ‘కావలయును’ అని ఒక అర్థం, ‘వలయును’, అంటే దోమతెర కూడా అని రెండో అర్థం. దోమతెర మరచిపోయినవాడు మొదటి అర్థమే చదువుకున్నాడని తెలుసుకోవాలి.

ఊయల. హమ్మక్ అని ఇంగ్లీషువాళ్లు అంటారు. ఆ మాట వాళ్లది కాదు, కరీబియన్ దీవుల తైనో ప్రజల భాషలోది. వస్తువు కూడా ఆ చుట్టుపక్కల వాళ్లదే. దీన్ని రెండు చెట్లకు కట్టేముందు ఏం చూడాలి? చెట్టు గట్టిదేనా అని చూస్తానన్నాడు మేనల్లుడు. అందరూ అదే అంటారు. తల పైకెత్తి చూడాలి. ఎండిన కొమ్మలు, పక్క చెట్టుకు ఆనుకుని నిలబడ్డ చచ్చిన మాను, ఇవి రాత్రి గాలికి విరిగి పడతాయి. పాముల గురించి భయపడేవాళ్లు చాలామంది, కొమ్మల గురించి అడిగేవాళ్లు తక్కువ. పాముకు నీతో పనిలేదు, తొక్కితే తప్ప. కొమ్మకు తొక్కక్కరలేదు. ఆరింటికి పొద్దు గుంకుతుంది, చెట్ల కింద అంతకు ముందే చీకటి పడుతుంది. కాబట్టి నాలుగు దాటాక నడక మానేసి ఊయల పని చూసుకోవాలి.

తాడును. సుగమమని వదిలేద్దామనుకున్నాను గానీ ఒక రహస్యం ఉంది. వాననీరు చెట్టు మీద నుంచి తాడు పట్టుకుని నడిచి వచ్చి నేరుగా ఊయలలో పడుతుంది. ఊయలకు జానెడు ఇవతల తాడుకు ఒక చిన్న దారం ముక్క కట్టి వేలాడదీస్తే, నీరు ఆ దారం వెంట దిగి నేల మీద కారిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ దారం ముక్క లేనిదే నాలుగో పాదం నిలవదు.

బలపుకత్తి. బలము గల కత్తి అని విగ్రహం. బలపంలా అరిగిపోయిన కత్తి అని కొందరు. అది అద్దెకు ఇచ్చే కత్తికి అన్వయిస్తుంది. మలయా అడవుల్లో దీన్ని పరాంగ్ అంటారు, గయానాలో కట్లస్. అక్కడే కొనుక్కోవచ్చు కనుక విమానాశ్రయంలో వివరణలు ఇచ్చుకునే పని లేదు. మావాడు సాధన కోసం మా పెరట్లో అరటిచెట్టు మీద పడ్డాడు. మా అక్క వద్దని అరిచేలోగా గెల వేసిన చెట్టు కూలింది. ఈ వ్యాఖ్యకు నైవేద్యం అదే. నేర్చుకోవాల్సిందల్లా ఇది: కత్తి దూసి చెయ్యి చాపితే అందేంత దూరంలో మనిషి ఉండరాదు, దెబ్బ తప్పిపోతే అది గాలిలోకి పోవాలి గాని మోకాలిలోకి కాదు, ఏటవాలుగా నరికిన మోడు శూలంలా నిలబడుతుంది గనుక వెనకాల వచ్చేవాడు దాని మీద పడితే ఆ పాపం నరికినవాడిది.

ఉప్పు. జలగల మీద చల్లడానికని కొందరు వ్యాఖ్యాతలు. అది బోర్నియో పాఠం. చెట్ల ఆకుల మీద కాచుకుని కూర్చునే నేలజలగల బెడద ఆగ్నేయాసియా అడవులది; అక్కడ మోకాళ్ల దాకా జలగ మేజోళ్లు తొడుక్కుంటారు. గయానా పాఠంలో ఉప్పు పట్టిన చేపను నిలవ చేసుకోవడానికి, చెమటలో పోయినది పూడ్చుకోవడానికి. ఇక్కడే తిండి ప్రస్తావన. అక్కడి మూలాహారం కర్రపెండలం. మన సామర్లకోట, పెద్దాపురం వైపు పండించి సగ్గుబియ్యం చేసేది ఆ దుంపతోనే. అయితే వాళ్లు పండించే చేదు రకంలో సైనైడు విషం ఉంటుంది. తురిమి, మటపీ అనే పొడుగాటి అల్లిక సంచిలో కూరి, సాగదీసి రసం పిండి, పెనం మీద వేయిస్తే ఫరీన్ అనే రవ్వ అవుతుంది. విషాన్ని ఉప్మారవ్వ చేసిన జాతి దగ్గరికి మావాడు పాఠాలకు వెళుతున్నాడు, పర్లేదు.

పౌడరు. పైన చెప్పితిని.

ట్యూబును. పళ్లపేస్టు ట్యూబు అనుకుని మా అక్క మూడు పెట్టింది. కాదు. పాత సైకిలు ట్యూబును రెండంగుళాల ముక్కలుగా కోసి ఉంచుకోవాలి. వానలో కూడా అంటుకుంటుంది, కంపు కొడుతూ నిలకడగా మండుతుంది, ఈలోగా తడి పుల్ల తొక్క తీసి లోపలి పొడి చెక్కను అందించాలి. మా వీధి చివర సైకిలు షాపతను ఊరికే ఇచ్చాడు. ఎందుకని అడిగాడు, చెప్పాను, ఇంకో ట్యూబు ఇచ్చాడు.

నిప్పుపెట్టె. ఇది ఛందస్సు కోసం పడిన మాట. నిజానికి లైటరు తీసుకోవాలి, రెండు.

పొడిని తడిపిన. ఇది చేదర్థకమా, ధాతుజ విశేషణమా అని వ్యాకర్తలు కొట్టుకుంటారు. ‘తడిపితే రాత్రి గడవదు’ అని ఒకటి, ‘తడిపిన ఆ రాత్రి గడవదు’ అని రెండోది. రెండు రకాలుగా చదివినా మిగిలేది జాగారమే.

అధ్యాహార్యము. పద్యంలో లేకపోయినా తెచ్చుకుని చదువుకోవాల్సినవి. మొదటిది ఎల్లో ఫీవర్ టీకా. టీకకు టీకా కావాలన్నమాట. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. 2016 నుంచి ఒక డోసు జీవితాంతం చెల్లుతుంది. ఆ పసుపుపచ్చ కార్డు లేకుండా గయానా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. అడవిలో నెగ్గి వచ్చి శంషాబాదులో చిక్కుకోవడం ఏ కావ్యానికీ తగిన ముగింపు కాదు. రెండోది మలేరియా మాత్రలు. ఏది, ఎప్పటి నుంచి అన్నది డాక్టరు చెప్పాలి. మూడోది ఒళ్లు. ఉక్కకు శరీరం అలవాటు పడటానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో కూర్చుంటే అలవాటు కాదు. అందుకని వాడు సెలవు పెట్టి మా ఊరొచ్చి, వీపున పదహారు కిలోల బియ్యం వేసుకుని మిట్టమధ్యాహ్నం కాలవగట్టు వెంట నడిచాడు. గోదావరి జిల్లా ఉక్కపోత మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. ఊళ్లో వాళ్లు ఏదో మొక్కుబడి అనుకున్నారు.

విశేషము. జాబితా లేకుండా నెగ్గినవాళ్లు ఉన్నారు కదా అని మేనల్లుడు వాదం. ఉన్నారు. 1971 డిసెంబరు 24న పెరూ మీద పిడుగుపాటుకు విమానం ముక్కలైతే, పదిహేడేళ్ల యూలియానే కోప్కె సీటుతో సహా అడవిలో పడింది. పొట్టి గౌను, ఒక కాలికే చెప్పు, దొరికిన మిఠాయి పొట్లం. వాగు వెంట నడిస్తే మనుషులు దొరుకుతారన్న తండ్రి మాట గుర్తు చేసుకుని పదకొండో రోజుకు బయటపడింది. ఆ తల్లిదండ్రులు జంతుశాస్త్రజ్ఞులు; ఆ పిల్ల అంతకు ముందే ఆ అడవిలో కొంతకాలం ఉంది. 2023 మే 1న కొలంబియాలో విమానం కూలి తల్లి పోతే, నలుగురు పిల్లలు నలభై రోజులు అడవిలో ఉండి జూన్ 9న దొరికారు. అందరికన్నా పెద్దదానికి పదమూడేళ్లు, చంటిదానికి ఏడాది. మొదట్లో వాళ్లను నిలబెట్టింది విమానంలో దొరికిన కర్రపెండలం పిండి. తర్వాత ఏ కాయ తినవచ్చో ఆ పెద్దపిల్లకు తెలుసు, అమ్మమ్మ నేర్పింది. జాబితా లేకపోవడమూ, నేర్పు లేకపోవడమూ ఒకటి కాదురా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

ప్రయోగము. బయల్దేరే ముందు ఆదివారం పెరట్లో మామిడికీ కొబ్బరికీ మధ్య ఊయల కట్టాడు. (పైకి చూశాడు. బొండాలు కనబడ్డాయి. రెండో కొస కొబ్బరి నుంచి పనసకు మారింది.) వాన కోసం నేను పైపు పట్టాను. చీకట్లో, పైన కట్టిన టార్పాలిన్ పట్టా కింద, ఊయలలో కూర్చునే తడి జత విప్పి పొడి జతలోకి మారాలి; నేల మీద పాదం మోపరాదు. మా అమ్మ వసారాలో కుర్చీ వేయించుకుని పర్యవేక్షించింది. మొదటిసారి తడి చేత్తో సంచి విప్పాడు. "ఒరేయ్, ముట్టుకున్నావు! పోయింది, మళ్లీ మొదటి నుంచి!" అని కేక. రెండోసారి పొడి మేజోడు జారి బురదలో పడింది. మూడోసారి ఊయలతో సహా బోర్లా పడ్డాడు. నాలుగోసారి ముందు చేతులు తుడుచుకుని, సంచిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి వేసుకుని, తడివన్నీ తాడుకు తగిలించి, పొడిగా పడుకుని, "అమ్మమ్మా, ఇప్పుడు సరేనా?" అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి దండెం కర్రతో ఒకసారి ఊయల కదిపి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ప్రక్షిప్తములు. మూలంలో లేకుండా తర్వాతి వాళ్లు చేర్చినవి: ఆవకాయ సీసా, సున్నుండలు, తిరుపతి వెంకన్న పటం, ఉన్ని మఫ్లరు. పరిష్కర్తగా నేను మఫ్లరు తీసేశాను. ఆవకాయ విషయంలో పాఠభేదాలున్నాయి.

ఇతి గయానారణ్య తేటగీతి వ్యాఖ్య సమాప్తము. సంచి బరువు పదిహేడు కిలోల రెండు వందలు, అందులో ముప్పావు కిలో ఆవకాయ.